రెండో హాలు దాకా

ఆయా తడిగుడ్డతో వీపు తుడుస్తుండగానే ముసలాయన కాళ్ళు మంచం దిగిపోయాయి. చొక్కా ఒక చేతికే ఎక్కింది. రెండో చెయ్యి ఖాళీగా వేలాడుతోంది. స్టూలు మీదున్న పళ్ళెం చంకలో ఇరికించుకుని అప్పుడే వార్డు గుమ్మం పట్టాడు.

"ఆగు తాతా, గుండీలన్నా పెట్టనీ."

"టైమైపోయింది అమ్మాయ్. అక్కడ జనం ఈలలేస్తారు."

వయసులో ఉండగా ఆయన రెండు సినిమా హాళ్ళ మధ్య సైకిలు మీద రీళ్ళు మోసేవాడు. రెండింటికీ కలిపి ఒకటే సినిమా పెట్టె. మొదటి హాల్లో ఆడిన రీలు పరుగున రెండో హాలుకి చేరాలి. ఆలస్యమైతే అక్కడ తెర తెల్లగా ఉండిపోతుంది. ఇప్పుడు ఆ హాళ్ళూ లేవు, సైకిలూ లేదు. పెళ్ళాం పేరు కూడా మరిచిపోయాడు గానీ మోత మరవలేదు. గుండ్రంగా ఏది దొరికినా ఆయనకి రీలే.

ఆయా ఆయన్ని వెనక్కి లాగదు. లాగితే బెదిరిపోయి చెయ్యి చేసుకుంటాడు. తన మోకాళ్ళు పట్టేసినా సరే పక్కనే నడుస్తుంది. వరండా చివర గేటు అడ్డం రాగానే, "ఇటైతే దగ్గర తాతా" అంటూ మెల్లగా మళ్ళిస్తుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇదే పని.

తిరిగొచ్చేసరికి నర్సు మంచానికి తగిలించిన అట్ట మీద ఏదో రాస్తోంది.

"ఏంటి సిస్టరమ్మా, ఎర్రసిరా వాడావు?"

"వాండరింగ్ అని ఇంగ్లీషు మాట ఆయమ్మా. ఎక్కడికెళ్తున్నారో తెలియకుండా తిరగడం. అట్ట మీద ఈ మాట ఉన్నవాళ్ళని పైకి పంపేస్తున్నారు. మధ్యాహ్నం డాక్టరుగారు చూసి చెప్తారు."

పైన అంటే తాళం వేసిన వార్డు. కాళ్ళకి మెత్తటి పట్టీలు వేసి మంచానికి కడతారు. ఆయా కొన్నాళ్ళు అక్కడ పనిచేసింది. కట్టేసిన కాళ్ళు నిద్రలో కూడా దుప్పటి కింద కదులుతూనే ఉండేవి.

ఆమె పళ్ళేలు సర్దుతూ అడిగింది. "మా ఆయన్ని కూడా ఆ మాట అనొచ్చా?"

"మీ ఆయనకి ఎక్కడికెళ్తున్నాడో తెలుసు కదా."

"తెలుసు. నాకే చెప్పలేదు."

"అలాంటివాళ్ళకి ఇది వాడరు. వేరే మాటుంది."

"మన భాషలోవి నా దగ్గర బోలెడున్నాయిలే. నీలాంటి పెళ్ళికాని పిల్ల ముందు అనకూడదు."

నర్సు నవ్వింది. ఆయా నవ్వలేదు. మొగుడు వెళ్ళిపోయిన కొత్తలో ఆమె తలుపు గడియ వేయకుండా పడుకునేది. తర్వాత ఆ వీధిలో దొంగల భయం ఎక్కువైంది.

మధ్యాహ్నం దాకా ముసలాయన్ని కూర్చోబెట్టాలని నానా తంటాలు పడింది. కాళ్ళు పిసికింది. లేచాడు. అన్నం కలిపి ఒక్కో ముద్దా నిదానంగా పెట్టింది. నోట్లో ముద్దతోనే లేచాడు. పక్క వార్డులో డాక్టరు గొంతు వినిపిస్తోంది. ఇంక దారి లేక ఆయన చంకలోని పళ్ళెం లాక్కుని బయటికి నడిచింది. కాసేపు వరండాలో నిలబడి, రొప్పుతూ వెనక్కి వచ్చింది.

"రీలు చేరింది తాతా. ఆపరేటరు అందుకున్నాడు."

"ఆఖరిదేనా?"

"ఆఖరిదే. శుభం కూడా పడింది. జనం ఇళ్ళకి వెళ్తున్నారు."

"ఈలలేశారా?"

"ఒక్కడూ వేయలేదు."

ముసలాయన ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. కిటికీ పక్క కుర్చీలో కూలబడి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. కూర్చున్నా ఊగుతూనే ఉండే మోకాలు ఆగిపోయింది.

డాక్టరు వచ్చి, "ఏం తాతగారూ, కూర్చున్నారే?" అన్నాడు.

"పనైపోయింది బాబూ."

"బుద్ధిగానే ఉన్నారు. ఇక్కడే ఉండనివ్వండి" అని డాక్టరు వెళ్ళిపోయాడు. నర్సు ఎర్రసిరా మాట కొట్టేసింది.

ఎండ వాలుతుండగా పాలు తెచ్చి, "తాతా" అని భుజం మీద చెయ్యి వేసింది. తల ఆమె చేతి మీదికి వాలిపోయింది. ఆమె నర్సుని పిలిచింది. నర్సు వచ్చి నాడి చూసి, సగం తెరిచి ఉన్న ఆయన కళ్ళు మూసింది.

"నిద్రలోనే పోయారు ఆయమ్మా. అదృష్టవంతుడు."

"నేనే ఆపాను సిస్టరమ్మా" అంది ఆయా.

ఆయన్ని తీసుకెళ్ళాక కుర్చీ తుడవడానికి వంగింది. కింద ఆయన రబ్బరు చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి. పట్టీలకి రెండు చోట్ల దారంతో కుట్లు. అడుగు అరిగి అరిగి, కుడి మడమ దగ్గర నేల కనిపించేంత చిల్లు.