ఇంజన్ ఆపకుండా దిగిన రోజు

నా అక్షరాల మీద సున్నం కొడుతున్నారు.

తమ్ముణ్ణి కాటికి సాగనంపి అది మూడో రోజు. వాడి బట్టల సంచి, టార్చిలైటు లారీ షెడ్డులోనే ఉండిపోయాయంటే తెచ్చుకోవడానికి కొండ మీదికి వెళ్ళాను. గేటు పక్క గోడకు నిచ్చెన వేసి ఇద్దరు కూలీలు పనిలో ఉన్నారు. “దిగుడులో ఇంజన్ ఆపండి” అన్న మొదటి వరుస అప్పటికే పోయింది. “డీజిల్ మిగల్చండి” అన్న రెండో వరుస సగం మిగిలింది.

“ఎవరు కొట్టమన్నారు?” అని అడిగాను.

“సూపర్‌వైజర్ గారు. గోడ మాసిపోయిందంట,” అన్నాడు నిచ్చెన మీదివాడు. కుంచె ఆపకుండానే గొంతు తగ్గించాడు. “షెడ్డు మొత్తం మాసే ఉంది. ఈ ఒక్క గోడకే కొట్టమన్నారు. మాకెందుకు లెండి మాస్టారూ.”

ఆ రెండు వరుసలూ రాసింది నేను. డీజిల్ ధర మూడోసారి పెరిగిన నెలలో క్వారీ కాంట్రాక్టర్ నేను పాఠాలు చెప్పే బడికి కబురు చేశాడు. నా దస్తూరీ బాగుంటుందని అతను ఎక్కడో విన్నాడట. అతను చెప్పిన వాక్యం పొడుగ్గా, అడ్డదిడ్డంగా ఉంది. దాన్ని దిద్ది రెండు చిన్న వాక్యాలు చేశాను. మాట ఎంత తక్కువైతే అంత గుర్తుంటుందని పిల్లలకు చెప్పేవాణ్ణి. డ్రైవర్లకు బాగా గుర్తుంది.

ఆ కొండ మీద రాతి క్వారీ ఉంది. ముప్పై లారీలు రాయి నింపుకుని కింద రైలు యార్డుకు దింపుతాయి. పొద్దున్నే ఒక్కో లారీకి డీజిల్ కొలిచి పోస్తారు. ధర పెరిగిన ప్రతిసారీ ఆ కొలత తగ్గింది. వేయవలసిన ట్రిప్పులు మాత్రం మూడూ మూడే. చదువుకునే పిల్లలూ బండి నడిపేవాళ్ళూ ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. అంత తక్కువ డీజిల్‌తో మూడు ట్రిప్పులు తిరగాలంటే దారి ఒకటే. కొండ అంచున తాళం తిప్పి ఇంజన్ ఆపేసి, గేరు తప్పించి లారీని వదిలెయ్యాలి. ఆ ఊపుతోనే అది ఏడు మలుపులూ దిగి, కింద మైదానం దాటి, ఎదురుగా ఉన్న మిట్టను కూడా సగం ఎక్కేస్తుంది. చుక్క డీజిల్ కాలదు. కానీ ఇంజన్ ఆగితే బ్రేకుకు కావలసిన గాలి తయారు కాదు. నిల్వ ఉన్న గాలితో నాలుగైదు సార్లు తొక్కవచ్చు. ఆ తర్వాత పెడలు తొక్కినా లారీ ఆగదు.

ఆరో మలుపులో సైకిలు మీద ఎవరో ఎదురొచ్చారు. తమ్ముడు సైకిలును తప్పించాడు. లారీని మాత్రం ఆపలేకపోయాడు.

పోలీసు కాగితంలో “డ్రైవరు తన నిర్లక్ష్యం వల్ల ఇంజన్ ఆపి నడిపి మరణించాడు” అని ఉంది. అంటే కంపెనీకి బాధ్యత లేదు. నెలాఖరుకల్లా మరదలు కంపెనీ ఇల్లు ఖాళీ చేయాలి. అంతకంటే పెద్ద విషయం ఇంకొకటి ఉంది. మర్నాడు పొద్దున మిగతా లారీలన్నీ అదే దిగుడులో ఇంజన్ ఆపి దిగాయి.

*

గ్యాసు ధర పెరిగినప్పటి నుంచి, కొండ మీద డ్రైవర్లు కాపురముండే కంపెనీ లైను ఇళ్ళలో మూడిళ్ళకు ఒక పొయ్యి వెలుగుతోంది. పెద్ద గిన్నె ఒకటి పెట్టి, వంతులవారీగా వండి, మూడిళ్ళూ పంచుకుంటారు. ఆడవాళ్ళే ఆలోచించి పెట్టుకున్న పద్ధతి అది. ఆ సాయంత్రం పొయ్యి మరదలి ఇంటి ముందు ఉంది. గరిటె తిప్పుతున్నది ఆమే. ఇవాళ్టికి వద్దని ఇరుగుపొరుగు అంటే, “చేతులు ఊరుకుంటే పిచ్చెక్కుతుంది,” అందట. డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చున్నారు.

“సమ్మె చేద్దాం,” అన్నాడు హారన్. గొంతు పెద్దదని అతనికి ఆ పేరు పెట్టారు.

“కిందటిసారీ నువ్వే అరిచావు. నాలుగో రోజు పొద్దున్నే అందరికంటే ముందు తాళాలు తీసుకున్నదీ నువ్వే,” అన్నాడు ఇంకో డ్రైవరు.

“ఇంట్లో పిల్లకి జ్వరం రా!”

“నీ ఇంట్లోనే ఉన్నారు పిల్లలు! మావి చెట్టుకి కాశాయి పాపం.”

నవ్వు లేచి, మరదలు ఉన్న సంగతి గుర్తొచ్చి ఆగిపోయింది. ఆమె మాత్రం తల తిప్పలేదు. 

“ఆగిపోయారేం? నవ్వండి,” అంది. “ఆయనుంటే అందరికంటే ముందు నవ్వేవాడు.”

నాకు చెప్పవలసింది ఉంది. లేచి నిలబడ్డాను. తరగతిలో నిలబడి చెప్పే అలవాటు.

“ఆ గోడ మీద రాసింది నేను,” అన్నాను.

“తెలుసు బావగారూ,” అంది మరదలు. “రోజూ క్యారియర్ పట్టుకెళ్ళేదాన్ని. మీ దస్తూరీ నాకు తెలీదా? ‘చూడు, మా అన్నయ్య రాశాడు’ అని ఆయన వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు.”

నేను కూర్చోబోయాను.

“కూర్చోకండి. మీరు రాశారు, ఆయన ఆపాడు. రాయమన్నదెవరు, ఆపమన్నదెవరు? ఆ మాట నాకు కాదు, వాళ్ళ ముందు చెప్పండి.” గరిటె గిన్నె అంచుకు కొట్టి పక్కన పెట్టింది. “ధర పెరిగిన ప్రతిసారీ ఆపమని మనకే చెబుతారు. లైటు ఆపు, ఫ్యాను ఆపు, పొయ్యి ఆపు. ఆపాం. ఆఖరికి బ్రేకు కూడా ఆపించారు. ఆ కాంట్రాక్టర్‌ని ఏనాడైనా ఎవరైనా ఏదైనా ఆపమన్నారా?”

అప్పటిదాకా మాట్లాడనివాడు పెద్దగేరు. అందరిలోకీ పెద్దవాడు. లారీని నత్తలా నడుపుతాడని కుర్ర డ్రైవర్లు వెటకారంగా ఆ పేరు పెట్టారు.

“సమ్మె వద్దు,” అన్నాడు. “రేపు అందరం పనిలోకి వెళ్దాం. ఒక్కడు కూడా ఇంజన్ ఆపొద్దు. రెండో గేరులో దిగుదాం. లైసెన్సు ఇచ్చేటప్పుడు ఎలా నడపమన్నారో అలా నడుపుదాం.”

“డీజిల్ చాలదు కదా మామా.”

“చాలదు. మనం నోటితో చెబితే వాడు వినడంలేదు. లారీలు చెబుతాయి.”

“ఎక్కడో ఎండిపోయి ఆగితే ఆ రోజు కూలి కోస్తాడు.”

“కొయ్యనీ. మొన్న కోసింది కూలా?”

“నేనూ రెండులోనే దిగుతా,” అన్నాడు హారన్ చివరికి. ఆ గొంతు అంత చిన్నగా రావడం అందరం మొదటిసారి విన్నాం.

*

బడికి సెలవు పెట్టి పెద్దగేరు పక్క సీట్లో కూర్చున్నాను. కొండ అంచున అతను రెండో గేరు వేశాడు. ఇంజన్ మూలుగుతూ లారీని వెనక్కి పట్టి ఉంచింది. వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి. రెండు నెలలుగా ఆ దిగుడులో టైర్ల చప్పుడు తప్ప వినలేదు. ఇప్పుడు మిగిలిన ఇరవై తొమ్మిది ఇంజన్లు ఒక్కసారిగా రొద పెడుతూ దిగుతుంటే లైను ఇళ్ళ ఆడవాళ్ళు బయటికి వచ్చి నిలబడ్డారు. ఆరో మలుపులో విరిగిన పిట్టగోడ కనిపించింది. ఇద్దరం అటే చూశాం.

రెండో ట్రిప్పు దింపి ఖాళీ లారీలతో తిరిగి కొండెక్కుతుండగా డీజిల్ అయిపోయింది. మా లారీ పైనుంచి మొదటి మలుపు దాకా వచ్చి రెండుసార్లు కుదిపి ఆగింది. పెద్దగేరు దిగి చక్రాలకు రాళ్ళు పెట్టాడు. కింద మలుపుల్లో మిగతావీ అలాగే ఆగుతూ వచ్చాయి. అందరూ ఒక పక్కకు సర్ది, జీపో అంబులెన్సో పట్టేంత సందు వదిలారు. రాయి లారీ మాత్రం పట్టదు.

కాంట్రాక్టర్ కారు వచ్చింది. అతను దిగాడు గానీ లోపల చల్లగాలి పోకుండా ఇంజన్ ఆపలేదు.

“డ్రామాలా?” అన్నాడు. “ఇన్నాళ్ళూ సరిపోయిన డీజిల్ ఇవాళ ఎందుకు సరిపోలేదు?”

“ఇంజన్ ఆపకుండా దిగాం అయ్యగారూ,” అన్నాడు హారన్. “మీ కారు నిలబడే తాగుతోంది కదా. మావి నడుస్తూ తాగాయి.”

వెనక నుంచి నవ్వులు వచ్చాయి. కాంట్రాక్టర్ ముఖం కందగడ్డ అయింది. డబ్బాలతో డీజిల్ తెప్పించి మొదటి లారీలో పోయించాడు. సూపర్‌వైజర్ ఎక్కి తాళం తిప్పాడు. ఇంజన్ గరగరమంది తప్ప అందుకోలేదు. ఇంకోసారి తిప్పాడు. అంతే.

“పైపుల్లోకి గాలి చేరింది,” అన్నాడు పెద్దగేరు. “ఎండిపోయిన బండికి డీజిల్ పోస్తే చాలదు. ఇంజన్‌కి డీజిల్ తోడే పంపు దగ్గర గాలి తీయాలి.”

“తీయి మరి!”

“తీస్తాం. ముందు ఆ పోలీసు కాగితం మార్పించండి. ఇంజన్ ఆపమన్నది కంపెనీ అని రాయించండి. రేపటి నుంచి సరిపడా డీజిల్ పోయండి.”

“మేం ఆపమన్నామా? ఎక్కడుంది రుజువు? గోడ మీద ఉందా?”

అప్పటికే జీపులో పోలీసు ఇన్‌స్పెక్టర్ వచ్చి ఉన్నాడు. లైను ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు నడిచి దిగారు. ముందు మరదలు ఉంది. నా వైపు చూసింది.

“గోడ మీద లేదు,” అన్నాను. “నిన్ననే సున్నం కొట్టారు. దాని కింద ఉన్నది నా రాత. దిగుడులో ఇంజన్ ఆపండి, డీజిల్ మిగల్చండి. ఇతను చెబితే రాశాను. ఏ కోర్టులోనైనా ఇదే చెబుతాను. నా తప్పు ఉంటే నా మీద కూడా రాయండి.”

“మాస్టారూ, ఉద్యోగం గుర్తుందా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ఉంది.”

“రోడ్డుకు లారీలు అడ్డం పెట్టించినందుకు మీరిద్దరూ ఎక్కండి.”

నన్నూ పెద్దగేరునూ జీపు వెనక కూర్చోబెట్టారు. మరదలు జీపు చక్రం ముందుకొచ్చి నిలబడింది. పెద్దగేరు తల బయటికి పెట్టి, “అడ్డు లే అమ్మా, మేం వెళ్ళొస్తాం. పంపుల మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకండి,” అన్నాడు. ఆమె పక్కకు జరిగి మొదటి లారీ ముందు కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకామె కూర్చుంది. హారన్ కూర్చున్నాడు. మలుపు తిరిగేదాకా చూశాను, కూర్చునేవాళ్ళు కూర్చుంటూనే ఉన్నారు.

జీపు నడుపుతున్నది ఒక కానిస్టేబుల్. నిట్టదిగుడు మొదలవగానే అతని చెయ్యి అలవాటుగా తాళం మీదికి వెళ్ళింది.

“మీకూ కొలిచే పోస్తారా?” అని అడిగాడు పెద్దగేరు.

అతను అద్దంలో చూశాడు. చెయ్యి మాత్రం తాళం మీదే ఉంది.

“ఆపకు తమ్ముడూ. రెండులో వెయ్యి.”

కాసేపటికి చెయ్యి తాళం మీంచి గేరు మీదికి జరిగింది. ఇంజన్ మూలిగింది. ఆగిన లారీల పక్క నుంచి జీపు నింపాదిగా దిగింది. డ్రైవర్లు ఒక్కొక్కరే లేచి నిలబడి ఆ చప్పుడు విన్నారు.

ఇన్‌స్పెక్టర్ విసుక్కున్నాడు. “ఏమిటోయ్ ఈ నడక? డీజిల్ నీ జేబులోంచి పోస్తావా? ఇంజన్ ఆపి వదిలెయ్.”

“ఆపను సార్,” అన్నాడు కానిస్టేబుల్.

జీపు రెండో గేరులోనే ఆరో మలుపు తిరిగింది.