గరిటె కట్టిన చెయ్యి

ఆ ఆదివారం ఆత్మకూరులో ఫైనల్ మ్యాచ్ మధ్యాహ్నం దాకా మొదలు కాలేదు. ఉదయగిరి జట్టులో సగం మంది బాప్టిస్టు సంఘం కుర్రాళ్ళు. ఆరాధన ముగియకుండా బస్సెక్కరు. వాళ్ళ కెప్టెన్ జోయల్ బైబిలు చంకలో పెట్టుకునే గ్రౌండులో దిగాడు. ఎండకు నేల సెగలు కక్కుతోంది. అయినా జనం ప్రహరీ గోడ మీద కూడా చోటు మిగల్చలేదు. షామియానా కింద ముందు వరసలో, నెల్లూరు నుంచి వచ్చిన కోచ్ రామనారాయణ కూర్చున్నాడు. ఆయన ఎవరిని చూడటానికి వచ్చాడో అందరికీ తెలుసు.

జల్మైని చూడటానికి.

జల్మైకి పదిహేడేళ్ళు. కాబూల్లో ఇంటి మీద రాకెట్టు పడి అన్న పోయాక, ఆ కుటుంబం పెషావర్ గుడారాల్లో కొన్నాళ్ళు తలదాచుకుని, తర్వాత ఢిల్లీ చేరింది. కొడుకు పోయినప్పటి నుంచీ తల్లికి కంటి మీద కునుకు లేదు. అక్కడ మనసు కుదుటపడుతుందని ఎవరో చెప్పగా ఆమెను అనుమసముద్రంపేట దర్గాకు తీసుకొచ్చి, అక్కడే ఒక గది అద్దెకు తీసుకున్నారు. జల్మై మాత్రం ఉదయగిరిలో సందాని సాహెబ్ దగ్గర చెక్క గరిటెలు చెక్కే పనిలో కుదిరాడు. పగలంతా ఉలి, సాయంత్రమైతే బంతి. టెన్నిస్ బంతికి టేపు చుట్టి గుడారాల మధ్య నేర్చుకున్న ఆ స్పిన్ ఉదయగిరి కుర్రాళ్ళకు వింతగా తోచింది. అతని చెయ్యి రెప్పపాటులో తిరిగేది. బంతి ఎటు పోతుందో తెలిసేలోపే వికెట్లు చెదిరేవి. జోయల్ అతన్ని వదలకుండా జట్టులో కలుపుకున్నాడు.

ఇప్పుడు తల్లికి నెమ్మదించింది. తండ్రి ఢిల్లీ ప్రయాణం పెట్టాడు. అక్కడ తెలిసినవాళ్ళ తివాచీల కొట్లో కొడుక్కి పని కూడా మాట్లాడాడు. జల్మై వెళ్ళనని మొండికేస్తే తండ్రి చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. నెల్లూరు కోచ్ తన దగ్గర పెట్టుకుంటానంటే ఉండు, కాదంటే మళ్ళీ బంతి ముట్టుకోనని మాటివ్వు అన్నాడు. జల్మై తల్లి తల మీద చెయ్యి పెట్టి మాటిచ్చాడు.

ముందు ఉదయగిరి బ్యాటింగ్. ఆ చుట్టుపక్కల టోర్నమెంట్లలో అంపైర్లను బయటి నుంచి పిలిపించరు. బ్యాటింగ్ చేసే జట్టులో ఖాళీగా ఉన్నవాళ్ళే ఇద్దరు వెళ్ళి నిలబడతారు. ఆఖరున బ్యాటింగ్‌కు దిగే జల్మైకి ఆ రోజు ఆ పని పడింది. జోయల్ మంచి ఊపు మీద ఉండగా ఒక బంతి అతని బ్యాటు అంచును సన్నగా రాసుకుని కీపర్ చేతుల్లో పడింది. ఆత్మకూరు వాళ్ళు ఆశ లేకుండానే అప్పీలు చేశారు. సొంత కెప్టెన్‌కు ఎవడు అవుటిస్తాడు?

జల్మై వేలెత్తాడు.

గోడ మీద ఎవరో పగలబడి నవ్వారు. జోయల్ బ్యాటు ఈడ్చుకుంటూ వచ్చి జల్మై ఎదురుగా నిలబడ్డాడు.

"ఏందిరా నువ్వు చేసిన పని? మనోడికి మనోడే అవుటిస్తాడా యాడన్నా?"

"బ్యాటుకు తగిలింది అన్నా. చప్పుడు వినబడింది."

"నాకూ వినబడిందిలే. అయితే ఏంది?"

జోయల్ పోయాక జట్టు పేకమేడలా కూలిపోయింది. స్కోరు నూట పది కూడా దాటలేదు. టీ తాగేటప్పుడు జల్మై పక్కన ఎవరూ కూర్చోలేదు.

ఆత్మకూరు బ్యాటింగ్ మొదలైంది. వాళ్ళ కెప్టెన్ నాగేంద్రబాబు చెయ్యెత్తు మనిషి; వచ్చీ రావడంతోనే రెండు ఫోర్లు కొట్టాడు. జల్మై వేసిన బంతి కాళ్ళ దగ్గర పడి, కాళ్ళ వెనకగా తిరిగి, మధ్య వికెట్‌ను లేపేసింది. నాగేంద్రబాబు పడిన వికెట్‌ను చూశాడు, తర్వాత జల్మై చేతిని చూశాడు. వెళ్ళి ప్యాడ్లు విప్పేసి, కూర్చోకుండా నేరుగా వచ్చి, జల్మై బౌలింగ్ చేసే వైపు అంపైరుగా నిలబడ్డాడు.

ఆ తర్వాతి ఓవర్లో జల్మై చేతిలోంచి బంతి వెలువడిందో లేదో, పక్కన కేక వినిపించింది.

"నోబాల్. త్రో. మోచెయ్యి వంచి ఇసురుతా ఉండాడు."

జోయల్ పరుగెత్తుకొచ్చి వాదించాడు. అంపైరు మాటే మాట అన్నారు టోర్నమెంటు పెద్దలు. త్రో అని మూడుసార్లు అంటే బౌలర్‌ను ఆపేయాలని నిబంధన కూడా గుర్తు చేశారు. షామియానా కింద రామనారాయణ ముందుకు వంగాడు. అంత దూరం నుంచి, అంత వేగంగా తిరిగే చెయ్యి వంగిందో లేదో ఆయనకు మాత్రం ఏం కనబడుతుంది? త్రో అని పేరు పడ్డ కుర్రాణ్ణి తీసుకెళితే జిల్లాలో తల ఎత్తుకోలేనని ఆయన ఆట మొదలవకముందే జోయల్‌కు చెప్పి ఉన్నాడు.

మళ్ళీ ఓవర్ వచ్చింది. రెండో కేకా వచ్చింది.

ఇంకొక్కటి. ఆ ఒక్కటి పడితే తివాచీల కొట్టే. అంతకంటే చెడ్డది ఒకటి మనసులో దూరింది. ఒకవేళ నిజంగానే వంగుతోందేమో. బంతి వేసేటప్పుడు తన చెయ్యి తనకెప్పుడు కనబడింది గనక?

అప్పుడతని చూపు బౌండరీ గీత దగ్గర కూర్చున్న సందాని సాహెబ్ మీద పడింది. ఆదివారం ఆయన పేటలో దర్గా కొట్లకు గరిటెలు వేస్తాడు. కుర్రాడి ఆట చూద్దామని దారిలో దిగి, మూట మీద మోచేతులాన్చి కూర్చున్నాడు. జల్మై అటు పరుగెత్తి, మూట విప్పి, అందులోంచి పొడవాటి గరిటె ఒకటి లాగాడు. తను కోరేదేమిటో ఉర్దూలో గబగబా చెప్పాడు. సాహెబ్ ఒక్క క్షణం కుర్రాడి మొహం చూసి, భుజాన ఉన్న తువాలు తీసి నిలువునా చించాడు. గరిటె తల భుజం దగ్గర, కాడ మోచెయ్యి దాటి ముంజేతి దాకా వచ్చేట్టు పెట్టి, గట్టిగా చుట్టాడు. మణికట్టు ఒక్కటే వదిలాడు.

"పప్పు గరిటె కట్టుకోని బౌలింగ్ చేస్తాడంట," అన్నాడు నాగేంద్రబాబు. "కట్టుకోనీండిరా, నాకేంది."

రామనారాయణ కుర్చీలోంచి లేచి గీత దాకా వచ్చాడు. "ఆ చెయ్యి వంగుతుందేమో నువ్వే వంచి చూడు బాబూ," అన్నాడు.

నాగేంద్రబాబు పట్టుకుని వంచబోయాడు. చెయ్యి వంగలేదు. ఆ గరిటెలు చెక్కే నర్ది చెక్క అంత తేలిగ్గా వంగేది కాదు. జనమంతా చూశారు.

చెయ్యి తనది కానట్టుంది జల్మైకి. కట్టుతో వేసిన మొదటి బంతి నేల తాకకుండానే బ్యాటు మీదకు పోయింది. ఫోరు. గోడ మీది వాళ్ళు గరిటె, గరిటె అని పాటెత్తుకున్నారు. రెండోది ఎటో వైడుగా పోయింది. ఆత్మకూరు గెలవడానికి ఇంకో రెండు ఫోర్లు చాలు. జోయల్ బంతి తెచ్చి చేతిలో పెట్టాడు.

జల్మై కళ్ళు మూసుకున్నాడు. మోచెయ్యి సంగతి, భుజం సంగతి మర్చిపోయాడు. ఉలి అంచున చెక్కను తిప్పేది మణికట్టే. అదొక్కటీ తనదే. నాలుగడుగులు వేసి బంతి వదిలాడు.

బంతి కాళ్ళ వైపు పడి, బుస్సున అవతలి వైపుకు తిరిగింది. ఆడబోయిన బ్యాటు అంచున టిక్కుమంది. కీపర్ పట్టేశాడు. ఉదయగిరి వాళ్ళంతా ఒక్క గొంతుతో అప్పీలు చేశారు.

నాగేంద్రబాబు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. క్రీజులో ఉన్నది అతని మనిషి. ఆ చప్పుడు గోడ మీది వాళ్ళకు కూడా వినబడింది. నాగేంద్రబాబు తల అడ్డంగా ఊపాడు.

"నాటవుట్."

జోయల్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. మరుసటి ఓవర్లోనే ఆట అయిపోయింది. ఆత్మకూరు గెలిచింది. జనం గ్రౌండులోకి విరుచుకుపడ్డారు. జల్మై క్రీజు పక్కన కూలబడి, కట్టు విప్పే ఓపిక కూడా లేక, తండ్రికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు. ఆ గుంపును తోసుకుంటూ రామనారాయణ వచ్చాడు. వచ్చినవాడు జల్మై దగ్గర ఆగలేదు, నాగేంద్రబాబు ముందు ఆగాడు.

"ఆ క్యాచ్‌కు నాటవుట్ అన్నావే. నోబాల్ అని ఉంటే సరిపోయేది గదా?"

నాగేంద్రబాబు తడబడ్డాడు. "గరిటె కట్టినాక త్రో ఎట్లా వేస్తాడు సార్?"

"అంటే అది సరైన బంతే. నీ వికెట్ తీసిన బంతి కంటే తక్కువ తిరిగిందా అది?"

నాగేంద్రబాబు చుట్టూ చూశాడు. నవ్వే మొహం ఒక్కటీ దొరకలేదు. "ఎక్కువే తిరిగింది సార్," అన్నాడు చివరికి.

"అయితే తిప్పేది మోచెయ్యి కాదు, మణికట్టే," అని రామనారాయణ జల్మైని లేపి, కట్టు విప్పించాడు. పడిపోయిన వికెట్లు మళ్ళీ పాతించి, తనే పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కళ్ళు కుర్రాడి మోచేతి మీద పెట్టి, వెయ్యి అన్నాడు. జల్మై వేశాడు. ఇంకోటి అన్నాడు. ఇంకోటి వేశాడు. ఆయన లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"మంగళవారం పొద్దున నెల్లూరు రా. మీ నాయన్ను కూడా పిల్చుకోని రా. ఆ గరిటె మర్చిపోవాకు, అక్కడా ఉంటారు ఇట్టాంటి అంపైర్లు."

"అది పేట కొట్టుకు ఒప్పుకున్న సరుకు సార్," అన్నాడు సందాని సాహెబ్ వెనక నుంచి. అని, మూట కట్టేశాడు. గరిటె మాత్రం అందులో పెట్టలేదు.

చీకటి పడేసరికి జల్మై పేటలో గది గడప ఎక్కాడు. గెలిచారా అని తండ్రి అడిగాడు. ఓడిపోయామన్నాడు జల్మై, నవ్వు ఆపుకోలేక. తండ్రికి ఏమీ బోధపడలేదు. తల్లి మాత్రం కొడుకు చెయ్యి దగ్గరికి లాక్కుని, మోచేతి మీద ఎర్రగా అచ్చుపడ్డ కట్టు గుర్తులను వేళ్ళతో రాస్తూ, నొప్పిగా ఉందా అని అడిగింది.