బిర్యానీ డబ్బా మీద నా కుళ్లు

నేను ఒక నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీని. నా కథ మొదలుపెట్టే ముందు ఒక ఫిర్యాదు ఉంది, వినండి. మా ఇంట్లో గిన్నెలు తోమే పద్ధతి బాగోలేదు. సబ్బు బిళ్లని చాకుతో మూడు ముక్కలు చేసి, ఒక ముక్కని డబ్బాడు నీళ్లలో కరిగించి, ఆ నీళ్లతో వారం రోజులు నెట్టుకొస్తున్నారు. బుధవారం దాటాక అందులో సబ్బు ఎంతుంటుందో, చెరువులో ఉప్పు అంతుంటుంది. నా మూతకి ఇంగువ వాసన వదలదు, అడుగు గిన్నెకి జిడ్డు వదలదు.

సరే, ఓర్చుకుంటాను. మాంద్యం అంటున్నారు, అందరితో పాటే నేనూ. కానీ అవే నీళ్లతో, నాకంటే ముందు, గీత పడుతుందేమోనని పీచు కూడా తగలనివ్వకుండా, మెత్తటి గుడ్డతో ఒక ప్లాస్టిక్ బిర్యానీ డబ్బాని కడుగుతారు చూడండి, అది మాత్రం నా వల్ల కాదు.

నేనేమీ ఊరికే వచ్చినదాన్ని కాదు. దళసరి రేకుగా పుట్టి, పెద్ద మిషను కింద నాలుగు సార్లు నొక్కించుకుని, అంచులు సాన పట్టించుకుని, కాకినాడలో ఒక స్టీలు సామాన్ల కొట్టుకి చేరాను. అక్కడ నన్ను కరప నుంచి వచ్చిన ఒక మేనత్తగారు కొన్నారు. మేనకోడలు శేషకుమారి ఫ్లాటు కొనుక్కుని గృహప్రవేశం చేసుకుంటోంది, ఆవిడకి కానుక. కొట్టువాడు సన్నటి సూది మిషనుతో నా మూత మీద పేరు కొట్టాడు. ఎవరికి ఇస్తున్నారో ఆ పేరు చిన్నక్షరాల్లో, ఎవరిచ్చారో ఆ పేరు పెద్దక్షరాల్లో. సామాను మీద పేరు కొట్టించడం ప్రేమ కొద్దీ అని మీరు అనుకుంటూ ఉంటారు. కాదు. పేరు లేకపోతే ఆ సామాను మూడు నెలల్లో ఇంకో గృహప్రవేశంలో తేలుతుంది. ఆ మేనత్తగారికి మేనకోడలి సంగతి బాగా తెలుసు.

అలా తేలే వీలు లేక నేను వంటింటి పై అరలో పదకొండేళ్లు కూర్చున్నాను. నేను మంచి సామానుని. మంచి సామాను ఎవరైనా వస్తే తీయాలి. చాలామంది వచ్చారు. వచ్చిన ప్రతిసారీ శేషకుమారిగారు నా వైపు ఓ చూపు చూసి, వాళ్ల వైపు ఓ చూపు చూసి, "వీళ్లకెందుకులే" అనుకుని పాత గిన్నెలు తీసేవారు. పదకొండేళ్లలో నాకు తగిన మనిషి ఆ ఇంటికి ఒక్కరూ రాలేదు.

ఆ రోజుల్లోనే, ఆదివారం ఆదివారం, ఫోన్లో నొక్కితే బిర్యానీ వచ్చేది. బిర్యానీతో పాటు ఆ డబ్బా వచ్చేది. పలకలు పలకలుగా, అవతలివైపు కనిపించేంత పల్చగా. దానికి పేరు లేదు, ఊరు లేదు. పుట్టేటప్పుడే చెత్తబుట్ట అడ్రసు రాసుకుని పుట్టింది. శేషకుమారిగారు దాన్ని కడిగి, "పనికొస్తుంది" అని నా పక్కన పెట్టారు. తర్వాత ఇంకోటి. పైన ఇంకోటి. నా అరలో ఇరవై ఆరు డబ్బాలు చేరాయి. నేను గోడకి జరిగాను.

ఆమె భర్త పేర్రాజుగారు వెంచర్లు వేసే కంపెనీలో పని చేస్తారు. స్థలాలు కొనే నాథుడు లేక కంపెనీ వాళ్లు జీతాలు సగం చేశారు, పని మాత్రం పూర్తిగా ఉంచారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో పొదుపు వచ్చింది. గోడ గడియారంలో బ్యాటరీ తీసి టీవీ రిమోట్లో వేసేవారు, టీవీ కట్టేశాక మళ్లీ గడియారంలో వేసేవారు. దాంతో మా ఇంట్లో ఎవరైనా సీరియల్ చూస్తున్నంతసేపూ కాలం ఆగిపోయేది. పేర్రాజుగారు పొదుపు ఎలా చేయాలో చెప్పే వీడియోలు రోజుకి మూడు గంటలు చూసి, మధ్యాహ్నానికల్లా నెట్టు అవగొట్టి, పక్కవాళ్ల వైఫై అడిగేవారు.

బిర్యానీ బంద్ అయింది. నాకు కడుపు చల్లబడింది. ఇక ఈ డబ్బాల పని అయిపోయిందనుకున్నాను. పేర్రాజుగారు కూడా అదే అనుకున్నారు.

"ఇరవై ఆరున్నాయేవిటే ఇవి! పాత సామాన్లోడొస్తే ఇచ్చిపారెయ్."

"చెయ్యి తియ్యండి ముందు," అన్నారు శేషకుమారిగారు. "బిర్యానీ మానేశాక ఇంక ఇవెక్కణ్ణించి వస్తాయండీ? ఇవి పోతే మళ్లీ రావు."

చూశారా? పదకొండేళ్లు చెక్కుచెదరకుండా ఉన్నదాని మీద లేని ప్రేమ, ఇక రాదన్నదాని మీద ఒక్క రోజులో పుట్టుకొచ్చింది. ఆ రోజు నుంచే డబ్బాలకి మెత్తటి గుడ్డ వచ్చింది.

నాకు మాత్రం అదృష్టం ఇంకో దారిలో వచ్చింది. ఎదురు ఫ్లాటులో మాణిక్యంగారు ఉంటారు. పిలుపుకి ఇద్దరూ ఒకరికొకరు వదినగారు. ఒక మధ్యాహ్నం శేషకుమారిగారు టీ రెండు గ్లాసుల్లోకి సగం సగం పోస్తూ అన్నారు.

"ఏవండీ, మొన్న మాణిక్యం వదినగారికి బీరకాయ పచ్చడి పంపానా, బిర్యానీ డబ్బాలో. బదులు ఏవొచ్చింది?"

"ఏవొచ్చింది?"

"ఏవీ రాలేదు. డబ్బా కూడా రాలేదు. పారేసేదే కదా అనుకున్నారు. అదే స్టీలు గిన్నెలో పంపామనుకోండి, తిరిగివ్వాలి కదా? ఖాళీ గిన్నె ఇవ్వకూడదు కదా?"

పేర్రాజుగారు టీ గ్లాసు కింద పెట్టారు. "నువ్వు మా ఆఫీసులో ఉండాల్సిన మనిషివే."

"ఎందుకూ, నాకూ సగం జీతం ఇవ్వడానికా?" అని ఆవిడ స్టూలెక్కి నన్ను దింపారు.

నాకు నాలుగు గిన్నెలున్నాయని మొదటిసారి ఎవరైనా గుర్తించిన రోజు అది. ఒక గిన్నెలో తోటకూర పులుసు పోశారు. మిగతావాటిలో రెండు చెంచాల కందిపొడి, నాలుగు గుమ్మడి వడియాలు, ఒక ఉసిరికాయ బద్ద. ఖర్చు గిన్నె పైచిలుకు. తిరిగి రావలసింది నాలుగు గిన్నెలు. డబ్బాల ముందు నుంచి క్లిప్పులు టకటకలాడించుకుంటూ వెళ్లాను. కావాలనే.

మాణిక్యంగారు మర్నాడే నన్ను తిరిగిచ్చారు. పనసపొట్టు కూర, సున్నుండలు, చక్రాలు, అడుగున గడ్డపెరుగు. ఆ రాత్రి పేర్రాజుగారు కంచం ముందు కూర్చుని భార్యని చూసిన చూపు పెళ్లి ఆల్బంలో కూడా లేదు. వారం తిరక్కుండా మళ్లీ వెళ్లాను. ఈసారి వంకాయ కూర, దోసెల పిండి, రెండు చిట్టి అరటిపళ్లు, కొంచెం పంచదార వచ్చాయి. మూడోసారి నాలుగు రోజులు పట్టింది. అటుకులు, ఒక కొబ్బరి చిప్ప, రెండు నిమ్మకాయలు, మళ్లీ పంచదార. దిగుబడి తగ్గుతోందని శేషకుమారిగారు గమనించారు. ఎందుకు తగ్గుతోందని అడగలేదు. నేనూ అడగలేదు. నా గొప్పలో నేనున్నాను.

నాలుగోసారి వెళ్లి, రాలేదు.

ఎదురింటి వంటింట్లో పంతొమ్మిది రోజులున్నాను. మాణిక్యంగారి భర్త సూర్రావుగారు ఫాల్స్ సీలింగులు వేస్తారు. ఇళ్లే అమ్ముడుపోనప్పుడు ఇంటి కప్పు కింద ఇంకో కప్పు ఎవడికి కావాలి? నాలుగు నెలలుగా పని లేదు. ఆ ఇంట్లో పొయ్యి మీద ఒక కుక్కర్, ఒక గిన్నె. కుక్కర్లో అన్నం, గిన్నెలో చారు. మర్నాడు కుక్కర్లో అన్నం, గిన్నెలో నిన్నటి చారులో పోసిన నీళ్లు. మాణిక్యంగారు రోజూ పొద్దున్నే నా గిన్నెలు విడదీసి, వరసగా గట్టు మీద పెట్టి, అలమరా తెరిచి చూసి, మళ్లీ ఒకదాని మీద ఒకటి పేర్చేసేవారు.

"ఇచ్చెయ్యరాదా ఆ క్యారేజీ?" అన్నారు సూర్రావుగారు.

"ఉత్తిదా?"

"ఉత్తిదే. ఏవవుద్ది?"

"ఏవవుద్దేవిటండీ! ఉత్త గిన్నె చేతిలో పెట్టి 'మాకు జరగట్లేదు వదినగారూ' అని నోటితో చెప్పడం ఒక్కటే తక్కువ. ఉండనీండి. ఏదోటి చూస్తాను."

ఇంత జరుగుతుంటే నా దృష్టి ఎక్కడుందో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఆ ఇంట్లో కూడా ఉన్నాడు వాడు. బీరకాయ పచ్చడితో వెళ్లిన బిర్యానీ డబ్బా. ఫ్రిజ్‌లో సగం నిమ్మచెక్క పెట్టుకుని కాళ్లు చాపుకుని పడుకున్నాడు. వాణ్ణి చూసి ఎవరూ తల దించుకోవడం లేదు. వాణ్ణి నింపాలన్న బెంగ ఎవరికీ లేదు. నన్ను చూస్తేనే ఆవిడకి ముఖం మాడిపోతోంది.

పంతొమ్మిదో రోజు సాయంత్రం మెట్ల దగ్గర శేషకుమారిగారి గొంతు వినిపించింది. తలుపు బార్లా తెరిచి, ఇంట్లో ఉన్న భర్తని అడుగుతున్నారు, మూడంతస్తులకీ వినపడేలా.

"ఏవండీ! మన క్యారేజీ ఎక్కడ పెట్టారండీ?"

"నేనెక్కడ పెట్టానే? నువ్వే కదా ఎదురింటికి..."

"ఓహో, ఎదురింట్లో ఉందా! నేను మర్చేపోయాను!"

లోపల మాణిక్యంగారి చేతిలో గరిటె ఆగిపోయింది. సూర్రావుగారు టీవీ చూస్తున్నట్టు ముఖం పెట్టారు. టీవీ ఆపేసి ఉంది.

మర్నాడు పొద్దున్నే మాణిక్యంగారు కత్తెర తీసుకుని వంటింటి బాల్కనీలోకి వెళ్లారు. నన్నూ తీసుకెళ్లారు. చాలాసేపు కోశారు. తర్వాత చీర కుచ్చిళ్లు సర్దుకుని, నన్ను పట్టుకుని మా ఇంటి గంట కొట్టారు.

"ఆలస్యమైపోయింది వదినగారూ, ఏవనుకోకండేం."

"అయ్యో, క్యారేజీకేం తొందరండీ! మీ దగ్గరుంటే ఒకటీ, మా దగ్గరుంటే ఒకటీనా!" అన్నారు శేషకుమారిగారు, రెండు చేతులా నన్ను లాక్కుంటూ.

తలుపు పడగానే మూత తీశారు. పై గిన్నెలో కరివేపాకు. రెండో గిన్నెలో కరివేపాకు. మూడో గిన్నెలో కరివేపాకు. నాలుగోది కూడా తీసి చూశారు, మనిషికి ఆశ ఉంటుంది కదా. కరివేపాకు.

పేర్రాజుగారు పడీ పడీ నవ్వారు. "నాలుగు గిన్నెల కరివేపాకా! నువ్వేదో అనుకున్నావు గానీ, ఆవిడ నీకంటే గట్టి పిండమేనే!"

శేషకుమారిగారు పళ్లు కొరుక్కుంటూ, ఉతికిన బట్టలు ఆరేయడానికి మా బాల్కనీలోకి వెళ్లారు. మా బాల్కనీకి ఎదురుగా వాళ్ల బాల్కనీ. అందులో ఒక పెద్ద కుండీ ఉండేది, నిలువెత్తు కరివేపాకు మొక్క. ఇప్పుడు కుండీలో మూడు పుల్లలున్నాయి. ఒక్క రెమ్మ లేదు.

ఆవిడ తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. నీళ్లు కారి పాదాలు తడుస్తున్నా పిండలేదు. మూడోసారి వచ్చిన పంచదార, అంతకుముందు వచ్చిన పంచదార, అన్నీ ఒక్కొక్కటిగా ఆవిడ ముఖంలోకి వచ్చాయి.

"ఏవైందే?" అన్నారు లోపల్నుంచి పేర్రాజుగారు.

"ఏం కాలేదు. ఆ ఫ్యాను కట్టండి, ఆకు ఎగిరిపోద్ది. పొడి చెయ్యాలి."

ఆ రోజు మా ఇంట్లో నూనె చెంచాతో కొలవలేదు. మినప్పప్పు, ఎండుమిరపకాయలు, చింతపండు, జీలకర్ర, అన్నీ మాంద్యానికి ముందు పడినట్టే పడ్డాయి. వీధి చివరిదాకా వాసన. పక్కనే బంగాళదుంప వేపుడు, కొద్దిగా కాదు, బాణలి నిండా. నన్ను శుభ్రంగా తోమి తుడిచి గట్టు మీద పెట్టారు. నేను సిద్ధమైపోయాను. ఇన్నాళ్లకి నిండుగా వెళ్తానని, గర్వంగా వెళ్తానని.

ఆవిడ నన్ను దాటి చెయ్యి చాపి, పై అర నుంచి రెండు బిర్యానీ డబ్బాలు తీశారు. మామూలువి కూడా కాదు. మూత గట్టిగా పట్టే రకం, పేర్రాజుగారిని ముట్టుకోనివ్వని రకం. వాటిలో సర్ది, ఎదురింటి గంట కొట్టారు.

"మీ కరివేపాకేనండీ, పొడి చేశాను. వేపుడు ఎక్కువైపోయింది, మా ఆయనకి దుంప పడదు." పేర్రాజుగారు దుంప వాసనకి వంటింట్లోంచి కదలని మనిషి. "ఈ డబ్బాలు తిరిగివ్వకండేం వదినగారూ. పారేసేవే. మా ఇంట్లో అడ్డంగా గుట్టలున్నాయి, మీరు తీసుకుంటే నాకే పుణ్యం."

మాణిక్యంగారు డబ్బాలు అందుకుని మూతలు వేలితో నొక్కి చూశారు. తర్వాత, "అడ్డంగా ఉంటే ఇంకో రెండియ్యండి అయితే," అన్నారు. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు విని చాలా రోజులైంది.

అప్పట్నుంచి మూడు రోజులకో డబ్బా వెళ్తోంది. ఒకసారి పప్పు, ఒకసారి పులిహోర. పేర్రాజుగారు కంచంలో ఒక గరిటె తగ్గిందని గ్రహించారు, పైకి అనలేదు. మనసు బాగోలేక అనుకుంటాను, టీవీ కూడా తక్కువ చూస్తున్నారు, గడియారం ఈమధ్య నిజం టైమే చెప్తోంది. ఇరవై ఆరింట్లో ఏడు మిగిలాయి. అర ఖాళీ అవుతోంది, నాకు చోటు పెరుగుతోంది. నేను సంతోషించాలి. కానీ ప్రతి డబ్బా గడప దాటుతుంటే నాకు ఒళ్లు మండిపోతోంది.

వాడిలో ఏముందండీ? గట్టిగా వేడి పులుసు పోస్తే వంగిపోతాడు. కానీ వాడు వెళ్లిన ఇంట్లో ఎవరూ తల దించుకోరు. నేను వెళ్తే తిండితో పాటు ఒక బాకీ కూడా వెళ్తుంది. నా క్లిప్పుల చప్పుడు వింటే చాలు, మాణిక్యంగారు అలమరా తలుపు తెరవాలి.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఇళ్లలోనూ నాలాంటివాళ్లు ఉంటారు, వాళ్లని చూసిన అనుభవం మీకుంటుంది. ఇంకో మూడు వారాల్లో డబ్బాలు అయిపోతాయి. అప్పుడు శేషకుమారిగారు స్టూలెక్కి నా ముందు నిలబడతారు. నన్ను పంపాలంటే "ఇదీ తిరిగివ్వకండి వదినగారూ" అనాలి. నా మూత మీద మేనత్తగారి పేరు అంత పెద్దక్షరాల్లో పెట్టుకుని ఆ మాట అంటే ఎదుటివాళ్లు నమ్ముతారా? సొట్ట పడితే నమ్ముతారా? అర మీద నుంచి నా అంతట నేనే దొర్లి పడదామని రెండుసార్లు అంచుదాకా జరిగాను, క్లిప్పు మేకుకి తట్టుకుంది. పారేసే సామానులా కనిపించాలంటే ఏం చెయ్యాలో మీకెవరికైనా తెలిస్తే, మీకు దండం పెడతాను, ఒక్క ముక్క చెప్పండి. త్వరగా చెప్పండి. ఇందాకే ఇంకోటి వెళ్లింది.