మోటారుకి కుచ్చుల లంగా

బుధవారం ఉదయం పదకొండింటికి, హైమవతి కుట్టు కొట్టులో ఉన్న చేపల తొట్టి మోటారు ఎదురుగోడ మీది గడియారంలోంచి ఒక పావుగంటని పీల్చేసుకుంటుంది. పావుగంట సన్నటి పొగలా కొట్టు మధ్యలోంచి సాగి, నీళ్లలో మునిగి, మోటారు మూతిలోకి వెళ్లిపోతుంది. గడియారం పదకొండుంపావు చూపిస్తుంది.

బల్ల మీద కూర్చున్న సుగుణకుమారి టీచరు తన చేతిగడియారం చూసుకుంటుంది. ఆవిడ జాకెట్టు కోసం వచ్చింది.

"పదకొండింటికి రమ్మన్నారు, పదకొండింటికే వచ్చాను. ఇప్పుడు నన్ను ఆలస్యం అంటే ఒప్పుకోను."

"ఆలస్యం మీది కాదండీ, మోటారుది," అంటుంది హైమవతి కత్తెర కింద పెట్టకుండానే.

కాకినాడలో, జగన్నాథపురం వంతెన దిగగానే ఎడమచేతి వైపు ఆ కొట్టు. వెడల్పు తొమ్మిదడుగులు. ముందు మిషను హైమవతిది. వెనక మిషను మీద రహంతుల్లా చీరలకి ఫాల్సు కుడతాడు, పికో చేస్తాడు. ఇరవై రెండేళ్లుగా ఒకరికొకరు వీపు పెట్టి, ఒకరి మిషను చప్పుడు ఒకరు వింటూ పనిచేస్తున్నారు. రెండు మిషన్ల మధ్య స్టూలు మీద రెండడుగుల గాజు తొట్టి, అందులో ఏడు చేపలు ఉన్నాయి.

ఏడింటిలో చిన్నది గోరింట. చిటికెనవేలి గోరంత ఒళ్లు, తోక చివర పండిన గోరింటాకు రంగు. ఇప్పుడు దానికి కడుపు. గుడ్లు కాకుండా పిల్లల్నే పెట్టే ఈ రకం చేపలకి కడుపు ఉండేదే ఒక నెల, ఆ నెల నిన్నటితో నిండింది. హైమవతి పొద్దున్నే తాళం తీసి, దేవుడి పటానికి దండం పెట్టి, ముందు గోరింట కడుపు చూస్తుంది, ఆ తర్వాతే మిషను తుడుస్తుంది.

నీళ్లు పీల్చి శుభ్రం చేసే పాత మోటారు పోయిన వారం చచ్చిపోయింది. కొత్తది రహంతుల్లా తెచ్చాడు. దుకాణంలో ఉన్నవాటిలోకి పెద్దది తెచ్చాడు.

"చిన్నదెందుకు హైమమ్మగారూ? ఇది చెరువుని కూడా కడిగేస్తుందట," అన్నాడు పెట్టె విప్పుతూ. అంత సంతోషంగా ఉన్న మనిషిని చూసి ఆవిడ వద్దనలేకపోయింది.

పావుగంటని మింగాక మోటారు ఎర్రదారం రీళ్లలోంచి ఎరుపుని లాక్కుంటుంది. తర్వాత గుమ్మం పైనున్న బోర్డులోంచి 'లేడీస్' అన్న మాట ఊడి, ఈగలా ఎగిరొచ్చి నీళ్లలో పడుతుంది. దారిన పోయే ఒకాయన తల లోపలికి పెట్టి, "అయితే ఇప్పుడు మాకూ కుడతారాండీ?" అని అడుగుతాడు. రేపు రమ్మంటుంది హైమవతి.

ఆ తర్వాత తొట్టి పొడుగవడం మొదలెడుతుంది. వెనక గాజుపలక మెల్లగా దూరం జరుగుతుంది, దానికి చోటివ్వడానికి కొట్టు వెనక గోడ కూడా జరుగుతుంది. చూస్తూండగానే తొట్టి రైల్వే ప్లాట్‌ఫారమంత అవుతుంది. మోటారు ఆ చివర ఉంటుంది, చేపలు ఈ చివర ఉంటాయి. ఏడు చేపలూ ముఖాలు వీధివైపు పెట్టి, తోకలు ఆపకుండా ఆడిస్తూ, ఉన్నచోట ఉండటానికి ఈదుతున్నాయి.

హైమవతి ప్లగ్గు పీకేస్తుంది. మోటారు ఆగదు.

"అదేంటండీ?"

రహంతుల్లా ప్లగ్గుని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. "మింగిన పావుగంట ఉంది కదండీ. దాని మీద నడుస్తోంది."

"అది అయిపోతే?"

"ఇంకోటి మింగుతుంది."

ఆ మాట అన్నాక అతని ముఖం చిన్నబోతుంది. ఫాల్సు పెట్టాల్సిన చీర ఒళ్లో పెట్టుకుని, కుట్టకుండా, దాని అంచు వేళ్లతో నలుపుతూ ఉంటాడు. ఇరవై రెండేళ్లలో అతని మిషను పగటిపూట ఇంతసేపు ఊరుకోవడం హైమవతి వినలేదు.

గోరింట మొదట అలసిపోతుంది. నిండు కడుపుతో ఎంతసేపని ఈదగలదు? ఒక్క క్షణం తోక ఆపుతుంది. అంతే, ప్లాట్‌ఫారం పొడుగునా వెనక్కి వెనక్కి వెళ్లి, ఆ చివర మోటారు మూతికి తోక అతుక్కుని ఆగుతుంది.

హైమవతి చీర కుచ్చిళ్లు పైకి దోపి, స్టూలెక్కి, తొట్టిలోకి దిగుతుంది. నీళ్లు ఆవిడ మోకాళ్ల దాకా వచ్చి, పెద్దావిడ అని గౌరవించి, అక్కడే ఆగుతాయి. సుగుణకుమారి టీచరు హైమవతి చెప్పులు పట్టుకుంటుంది. రహంతుల్లా తెల్లదారం కొస ఆవిడ నడుముకి కట్టి, రీలు తన దగ్గర పెట్టుకుంటాడు.

"లాగమంటే లాగండి."

"మీరు చెప్పక్కర్లేదండీ. దారం చెబుతుంది."

నడవడానికి పది నిమిషాలు పడుతుంది. మోటారు దగ్గరికి వెళ్లాక, ఆవిడ గోరింటని పట్టి లాగదు. లాగితే తోక అక్కడే ఉండిపోతుందని ఆవిడకి తెలుసు, కుట్టు విప్పేటప్పుడు గుడ్డని లాగని మనిషి ఆవిడ. చూపుడువేలు చేప పక్కనుంచి మూతి లోపలికి జొనుపుతుంది. మోటారు వేలుని పట్టుకుంటుంది, చేపని వదులుతుంది. వేలి మీది ముప్ఫయ్యేళ్ల సూదిపోట్లన్నీ ఒక్కొక్కటే ఊడి లోపలికి పోతాయి. వేలు బయటికి తీసేసరికి బడిపిల్ల వేలులా నున్నగా ఉంటుంది.

గోరింట ఎడమ అరచేతి గుంటలో ఉంది. కడుపు ఎగిరెగిరి పడుతోంది. తోక చివర గోరింటాకు కాస్త చెదిరింది.

అప్పుడు హైమవతి ఆ మూతిని దగ్గరగా చూస్తుంది. గుండ్రటి చిన్న కన్నం. కోసి వదిలేసిన అంచు, మడత లేదు, కుట్టు లేదు. ఆవిడకి ఒళ్లు మండుతుంది.

"ఎవరు కుట్టారు నిన్ను?"

"కుట్టలేదండీ, అచ్చు పోశారు," అంటుంది మోటారు. దాని గొంతు మర్యాదగా ఉంటుంది, కాస్త రొంప చేసినట్టు ఉంటుంది. "ఊపిరి తీసుకోడానికి నాకు ఇంతే చోటిచ్చారు. ఇంత చోటులోంచి అంత ఊపిరి తీయాలంటే గట్టిగా లాగాలి కదండీ. చేపలొస్తున్నాయని నాకు తెలుస్తుంది. ఊపిరి ఆపుకుంటే నీళ్లు మురిగిపోతాయి. ఏం చెయ్యమంటారు?"

హైమవతి ముందుకి వంగుతుంది. నున్నటి వేలితో మూతి చుట్టూ కొలత తీసుకుంటుంది. బయట చుట్టుకొలత మూడంగుళాలు. లోపల ఊపిరి కొలత పన్నెండు గజాలు.

"దారం!" అంటుంది. రహంతుల్లా లాగుతాడు. ఆవిడ నీళ్ల మీదుగా జర్రున జారుకుంటూ ఈ చివరికి వచ్చేస్తుంది.

గోరింటని, నీళ్లు నింపిన రహంతుల్లా టీ గ్లాసులో వదులుతారు. గ్లాసు అతను రెండు చేతులా పట్టుకుంటాడు.

"నొప్పులు మొదలయ్యాయండీ," అంటాడు కాసేపటికి గుసగుసగా. "హైమమ్మగారూ, ఒకటి. ఒక పిల్ల. ఆవగింజంత ఉంది, కళ్లు మాత్రం ఇంతింత ఉన్నాయి."

గ్లాసు చాలదని ముగ్గురికీ తెలుసు. పిల్లల్ని తొట్టిలోకి వదలాలి. వదిలితే మోటారు మూతికి అవి ఎదురు ఈదలేవు.

హైమవతి చేతికందిన స్పాంజి తీసుకుంటుంది, జాకెట్లకి కప్పులు కుట్టే మెత్తటి స్పాంజి. గుండ్రంగా కోసి, నాడా కట్టి, మళ్లీ అంత దూరమూ నడిచి మోటారు మూతికి తొడుగుతుంది. స్పాంజి మరీ దట్టం. మోటారు ముఖం నీలమవుతుంది. నీళ్లు కదలడం మానేస్తాయి. కొట్టులో గాలి కూడా ఆగుతుంది, సీలింగు ఫ్యాను రెక్కలు గాల్లో ఇరుక్కుపోతాయి. ఆరు చేపలూ పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. సుగుణకుమారి టీచరు కూడా నోరు తెరుస్తుంది.

హైమవతి స్పాంజి పీకేస్తుంది. అందరూ ఒక్కసారి ఊపిరి పీలుస్తారు, మోటారు అందరికంటే గట్టిగా.

"పదకొండు," అంటాడు రహంతుల్లా. "పన్నెండు. పదమూడూ పద్నాలుగూ కవలలు."

హైమవతి వెనక్కి వచ్చి మిషను ముందు కూర్చుంటుంది. నున్నటి వేలు సూదిని గుర్తుపట్టడం లేదు. ఆవిడ కళ్లు మూసుకుని, మూసిన కళ్లతో ఆ మూతిని చూస్తుంది. మూయకూడదు, వదిలెయ్యకూడదు. లాగుడంతా ఒక్క కన్నం మీద పడుతోంది. దాన్నే ఒక గుడ్డ నిండా పరిచేస్తే? పన్నెండు గజాల ఊపిరిని మూడంగుళాల నడుములోకి దింపాలి. ముప్ఫయ్యేళ్లుగా తను చేస్తున్న పని ఇదేగా!

"కుచ్చులు," అంటుంది పైకే. "దీనికి కుచ్చుల లంగా కావాలి. నెట్ గుడ్డతో. కానీ నెట్ లేదే."

సుగుణకుమారి టీచరు లేచి నిలబడుతుంది. "నా జాకెట్టు చేతులకి తెచ్చుకున్నాను కదండీ, నెట్. అది వాడండి."

"మీ అన్నగారి కూతురి పెళ్లికని ఏరికోరి తెచ్చుకున్నారు."

"చేతుల్లేని జాకెట్టు వేసుకుంటాను. యాభై ఏళ్లొచ్చాయి, ఇంకెప్పుడు వేసుకుంటాను?"

చెప్పి తనే నవ్వేస్తుంది. మీటరు నెట్ ముక్కని ఇటునుంచి ఆవిడ, అటునుంచి హైమవతి పట్టుకుని దులుపుతారు. దులిపిన కొద్దీ అది పెరుగుతుంది. పన్నెండు గజాలయ్యాక చాలనిపిస్తుంది.

మిషను నడుస్తుంది. సూది అటు పరుగెడుతుంది, ఇటు పరుగెడుతుంది. వెనకనుంచి రహంతుల్లా మిషను కూడా, కాలు పెట్టేవాళ్లు లేకుండానే, అంచుకి పికో మొదలెడుతుంది. ఇద్దరి చప్పుళ్లూ కలిశాక హైమవతి వేలుకి తన పని గుర్తొస్తుంది. కుచ్చు పక్కన కుచ్చు, కుచ్చు మీద కుచ్చు, మూడు వరసలు. నెట్ కన్ను మరీ పెద్దదైతే పిల్లలు దూరతాయి, మరీ సన్నమైతే మోటారు ఉక్కిరిబిక్కిరవుతుంది. ఆవిడ ఒక్కో కన్నునీ వెలుతురుకి పెట్టి, ఆవగింజతో కొలిచి, పాసు చేస్తుంది.

"ముప్ఫై ఎనిమిది! గ్లాసులో నీళ్ల కంటే పిల్లలే ఎక్కువున్నాయండీ!"

మూడోసారి ఆవిడ ప్లాట్‌ఫారం పొడుగునా దాదాపు పరుగెడుతుంది. లంగా మోటారుకి తొడిగి, నడుము దగ్గర నాడా బిగించి, రెండు ముళ్లు వేసి, దూరం జరిగి నిలబడుతుంది.

మోటారు ఊపిరి తీసుకుంటుంది. లంగా కుచ్చులన్నీ నిండి, గుండ్రంగా, గుడిసెంత విచ్చుకుంటాయి. ప్రతి కుచ్చూ కొంచెం కొంచెం నీళ్లు తాగుతుంది. ఏ కుచ్చూ గట్టిగా లాగదు.

"అమ్మో," అంటుంది మోటారు. "ఊపిరి ఇంత తేలికా అండీ?"

ఆరు చేపలూ ఈత ఆపేస్తాయి. ఆపినా ఉన్నచోటే ఉంటాయి. అది చూసుకుని, నమ్మకం కుదరక మళ్లీ ఈది, మళ్లీ ఆపుతాయి.

"వదలండి!" అని కేకేస్తుంది హైమవతి.

రహంతుల్లా వదలలేడు. గ్లాసు గుండెలకి ఆనించుకుని అలాగే నిలబడిపోతాడు. "మళ్లీ నా చేత్తోనేనా అండీ? మోటారు తెచ్చింది ఈ చెయ్యే."

"పెద్దది తెచ్చారు కాబట్టే పెద్ద లంగా కుట్టాను. చిన్నది తెస్తే చేతిరుమాలుతో సరిపెట్టేదాన్ని. వదలండి బాబూ, నీళ్లలో కాళ్లు నానిపోతున్నాయి!"

అతను బిస్మిల్లా అనుకుని గ్లాసు వంచుతాడు. గోరింటా, దాని నలభై ఒక్క పిల్లలూ నీళ్లలోకి జారతాయి. పిల్లలు అలవాటు లేని నీళ్లలో కొట్టుకుంటూ, మెల్లగా, ఆ చివరికి తేలుతూ వస్తాయి. హైమవతి ఊపిరి బిగబడుతుంది. మొదటి పిల్ల లంగా అంచుకి తగులుతుంది. తగిలి, ఆగి, ముక్కుతో ఒకసారి పొడిచి చూసి, పక్కకి తిరుగుతుంది. రెండోది, మూడోది. కాసేపటికి నలభై ఒక్కటీ కుచ్చుల మీద చేరి, నెట్‌కి అంటుకున్న నలకల్ని ఏరుకు తింటూ ఉంటాయి. మోటారుకి చక్కిలిగిలి పుడుతుంది. అది నవ్వితే తొట్టి నిండా బుడగలు లేస్తాయి, బుడగల మీద పిల్లలు పైకెక్కి కిందికి జారతాయి.

సుగుణకుమారి టీచరు చప్పట్లు కొడుతుంది. రహంతుల్లా భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, అందరికీ టీ చెప్పడానికి గుమ్మం దాకా వెళ్తాడు. అక్కడే ఆగిపోతాడు.

"హైమమ్మగారూ, కుట్టించుకోడానికి కొత్త పార్టీ వచ్చిందండీ."

వంతెన మీదుగా సముద్రం నడిచి వస్తోంది. ఎవరికీ తడి తగలకుండా అలల అంచులు పైకెత్తి పట్టుకుని, రిక్షాలకి పక్కకి తప్పుకుంటూ, కొట్టు ముందుకొచ్చి, గుమ్మంలో పరిచిన గోనెపట్టా మీద కాళ్లు తుడుచుకుంటుంది. టీచరు బల్ల మీద కాస్త జరిగి చోటిస్తుంది. హైమవతి తొట్టిలోంచి దిగి వచ్చేసరికి సముద్రం ఒద్దికగా కూర్చుని ఉంటుంది.

"రేవులో ఓడలు నీళ్లు తోడుకుంటుంటాయండీ," అంటుంది తలొంచుకుని. "పెద్ద పెద్ద మోటార్లు. నా పిల్లల్ని లాక్కుపోతున్నాయి. నాకూ ఒకటి కుడతారేమోనని..."

"కుచ్చులు ఎలా పెట్టమంటారు?"

"నిండుగా పెట్టండమ్మా."

హైమవతి మెడలోంచి టేపు తీస్తుంది. ఒక కొస తను సముద్రం నడుము దగ్గర నొక్కి పట్టి, రెండో కొస రహంతుల్లాకి ఇస్తుంది. అతను లుంగీ పైకి మడిచి, టేపు పట్టుకుని, సముద్రం చుట్టూ నడవడం మొదలెడతాడు. ముందు అడుగులు వినిపిస్తాయి, తర్వాత వినిపించవు. ఎండలో చుక్కలా మిగిలి, ఆ చుక్క కూడా నీళ్ల అవతలికి ఒంపు తిరుగుతుంది. టేపు సాగుతూనే ఉంది. అటునుంచి అంకెలు మాత్రం, ఒక్కొక్కటే, తెల్లటి రెక్కలతో ఎగిరొచ్చి కొట్టు చూరు మీద వాలుతున్నాయి. హైమవతి తలెత్తి, వాటిని వరసగా నోటుబుక్కులో రాసుకుంటోంది.