ఖాళీ చేతులతో నడవని నడక

సాయంత్రం ఆస్పత్రిలో ఫిజియోతెరపీ గది మూసే వేళకి పనులన్నీ ఒక వరసలో జరిగేవి. ముందు కీళ్లకి కాపడం పెట్టే మైనం తొట్టి స్విచ్ తీసేయాలి. కాళ్లకి బరువు కట్టే ఇసక సంచులు అరలో సర్దాలి. భుజం తిప్పే చక్రానికి ఎవరో తగిలించి మరిచిపోయిన తువ్వాలు తీసి పక్కన పెట్టాలి. ఆఖరికి ఆయా చీపురు పట్టుకొచ్చి, నడక నేర్పే ఇనప కమ్మీల కింద ఊడ్చేది. దూది ముక్కలు, తెగిన రబ్బరు పట్టీలు, ఆ రోజు నయమై వెళ్లినవాళ్లు వదిలేసిన కుంటినడకలు, అన్నీ కలిపి వెనక తలుపు లోంచి బయటికి తోసేది.

నయమైతే కుంటినడక ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. ఆ కమ్మీల కిందే పడి ఉంటుంది. పిండికట్టు కోసేశాక ముక్కలు మిగిలినట్టే ఇదీనూ. వాటితో ఎవరికీ పని లేదు, కాస్త చూసుకుని తిరిగితే చాలు. చిక్కల్లా ఒక్కటే. అలిసిపోయిన కాళ్లు కనబడితే అవి అంటుకుంటాయి. అందుకని గది లోంచి వెళ్లేవాళ్లు గుమ్మం దగ్గర పీచు పట్టా మీద కాళ్లు గట్టిగా రుద్దుకుని మరీ వెళ్లాలి. చేతులు కడుక్కోమని రాసిన కాగితం పక్కనే ఆ మాట కూడా రాసి గోడకి అంటించారు.

అంటించిన మనిషే తరచూ మరిచిపోయేది. ఆవిడ ఆ గదిలో ఫిజియోతెరపిస్టు. నలభై దాటింది. చూడ్డానికి పొట్టిగా ఉంటుంది కానీ, తనకి రెండింతలున్న మగవాళ్లని చంకల కింద చేతులు పెట్టి లేపి నిలబెడుతుంది. పొద్దున మొదలెడితే సాయంత్రానికి ఎన్ని మోకాళ్లు వంచిందో, ఎందర్ని బతిమాలిందో, ఎందరి మీద కసురుకుందో ఆవిడకే గుర్తుండదు. బయటికొచ్చేసరికి ఒళ్లు హూనమై ఉండేది. పట్టా మీద కాళ్లు రుద్దుకోవడం కూడా ఒక పనిలా తోచి, రేపు రుద్దుకోవచ్చులే అనుకుని బస్సెక్కేసేది.

ఇంట్లో ఉండేది అక్కాచెల్లెళ్లు ఇద్దరే. మెట్లెక్కుతున్న అడుగుల చప్పుడు వినగానే లోపల మంచం మీంచి అక్క అడిగేది.

"ఎవరిదే పొట్టీ ఇవాళ్టి నడక?"

"నువ్వే చెప్పు."

"మడమ ఆనించట్లేదు. మునివేళ్ల మీద వస్తున్నావు. డాన్సు మేష్టారిదా?"

"కాదు. మడమలో ఎముక పెరిగిందన్నానే, ఆ బ్యాంకావిడది."

"పాపం. వదిలిపోయిందన్నమాట ఆవిడకి. పోన్లే."

అవి ఎక్కువసేపు ఉండేవి కావు. సొంత నడక ఉన్న మనిషి దగ్గర పరాయి నడక ఎంతసేపని నిలుస్తుంది? ఒక నిద్ర తీసి, పొద్దున కాళ్ల మీద చెంబుడు నీళ్లు పోసుకుంటే జారిపోయేవి.

అక్క దగ్గర మాత్రం అరువు నడకా లేదు, సొంత నడకా లేదు. స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగా జరిగింది. ఎముక చక్కగా అతుక్కుందని ఎక్స్‌రే చూసి డాక్టరు మెచ్చుకున్నాడు కూడా. కాలు మాత్రం కింద పెట్టదు. పెట్టమంటే మొహం నెత్తురు లేనట్టు పాలిపోతుంది. కొనుక్కొచ్చిన వాకర్ కిటికీ పక్కన తువ్వాళ్లు ఆరేసుకోవడానికి పనికొస్తోంది.

చెల్లెలు చెప్పిన మాట అక్క చెవికెక్కదు. "నువ్వు నిలబడ్డం నేర్చుకున్నది నా వేలు పట్టుకుని. నాకు నేర్పుతావా?" అంటుంది. చెల్లెలు కూడా మొండికేసి పట్టుబట్టిన మనిషి కాదు. ఆస్పత్రిలో అయితే ఇలాంటివాళ్లని మాటల్లో పెట్టి, జోకులేసి, అవసరమైతే గదమాయించి నిలబెట్టేసేదే. ఇంటికొచ్చేసరికి ఆ మాటలూ ఉండవు, ఆ ఓపికా ఉండదు. "రేపు చేద్దాం లేవే" అనేది. "రేపే" అని అక్క సంతోషంగా ఒప్పేసుకునేది. అలా రేపులు పేరుకుపోయాయి.

పోయినసారి చూపించినప్పుడు ఎముకల డాక్టరు నీళ్లు నమలకుండా చెప్పేశాడు. "మళ్లీ వచ్చేసరికి ఈవిడ అడుగు పెట్టాలమ్మా. అప్పటికీ పెట్టకపోతే కండ కరిగిపోతుంది. ఇక చక్రాల కుర్చీయే. మీకు నేను చెప్పేదేముంది?"

నిజమే, ఆవిడకి చెప్పేదేమీ లేదు. అక్క పిక్క పట్టుకుంటే చేతికి ఏం తగులుతోందో ఆవిడకే బాగా తెలుసు. బట్టల కొట్లో కౌంటరు వెనక పొద్దస్తమానం నిలబడి, పాదాలు వాచిపోయి ఇంటికొచ్చి, చెల్లెల్ని చదివించిన కాళ్లవి. ఆ కాళ్లు తన చేతుల్లో ఉండి తన కళ్ల ముందే పోతున్నాయి. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసేది. అసహ్యంలోంచి మాత్రం ఓపిక పుట్టదు.

అక్కని మళ్లీ చూపించాల్సిన రోజు దగ్గరపడింది. ఆ వారంలోనే ఒక హోటల్ సర్వరుకి ఆస్పత్రిలో నయమైంది. వయసులో పెద్దాయన, ఎడంపక్క పక్షవాతం వచ్చింది. మొదట్లో కమ్మీలు రెండు చేతులా పట్టుకుని బిగుసుకుపోయేవాడు. అడుగు వేయమంటే కమ్మీల్ని ఇంకా గట్టిగా పట్టుకునేవాడు. ఎంత చెప్పినా కాలు కదిలేది కాదు. విసిగిపోయి ఒకరోజు ఆవిడ, మందులు తెచ్చే పళ్లెం మీద నాలుగు ప్లాస్టిక్ గ్లాసులు పెట్టి ఆయన చేతికిచ్చింది.

"అదిగో, ఆ కుర్చీలో కూర్చున్నాయనకి ఇచ్చి రండి."

అంతే, కదిలాడు. పళ్లెం భుజం దాకా లేచింది, నడుము ఒక పక్కకి ఒరిగింది, ఎడంకాలు అరవంపు తిరిగి వచ్చి ముందు పడింది. గ్లాసు ఒక్కటీ ఒరగలేదు. కుర్చీలో కూర్చున్న మెడనొప్పాయన ఖాళీ గ్లాసు అందుకుని, ఏం చేయాలో తెలీక తాగినట్టు నటించాడు.

అప్పట్నుంచీ ఆయన రోజూ గదిలో అందరికీ పళ్లెం తిప్పాడు. తిప్పగా తిప్పగా కాలు దారిలోకి వచ్చింది. చివరి రోజున చేతులు ఊపుకుంటూ గుమ్మం దాకా తిన్నగా నడిచి, ఆగి వెనక్కి చూశాడు. ఆయన వదిలిన నడక కమ్మీల మధ్య ఒక పక్కకి ఒరిగి నిలబడి ఉంది.

"దాన్ని కాస్త చూసుకోండి డాక్టరమ్మా."

"నేను డాక్టర్ని కాదని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"ఏదో ఒకటి. అది ఖాళీ చేతుల్తో ఉండలేదు, పిచ్చి ముండ. ఏదైనా చేతికిస్తేనే కదులుతుంది."

"మరి మీకు బెంగగా లేదా, వదిలేసి పోతున్నందుకు?"

"ఎందుకుండదు? నాతో పాటు అదీ కష్టపడింది కదా," అని దాని వేపు తల ఊపి వెళ్లిపోయాడు.

ఆ రోజు ఆయా రాలేదు. పక్క టేబుల్ దగ్గర పనిచేసే ఇంకో ఫిజియోతెరపిస్టు కూడా సెలవు. ఇద్దరి పనీ ఒక్కతే చేసింది. మధ్యాహ్నానికని తెచ్చుకున్న అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. గదికి తాళం వేస్తున్నప్పుడు ఆవిడకి పీచు పట్టా కళ్లబడనైనా లేదు.

బస్టాండు దాకా ఎలా వచ్చిందో వచ్చింది. బస్సు దిగి ఇంటి మెట్ల దగ్గరికొచ్చాక కాళ్లు ఆగిపోయాయి. ఒక మెట్టు ఎక్కబోతుంది, కాలు లేవదు. ఏమైందా అని కాసేపు అలాగే నిలబడింది. తర్వాత గుర్తొచ్చి, భుజానికున్న సంచి తీసి అరచేతిలో పెట్టుకుంది. నడుము దానంతటదే పక్కకి ఒరిగింది. ఎడంకాలు అరవంపు తిరిగి మెట్టెక్కింది.

"కొత్తగా ఉందే," అంది అక్క లోపల్నుంచి. "చేతిలో ఏదో మోస్తున్నట్టుంది. ఎవరిదే?"

"సర్వరుదని చెప్పానే, ఆయనది."

"మంచి నడక. తొందరా లేదు, బద్ధకమూ లేదు. ఇటు రా, చూస్తాను."

చెల్లెలు వచ్చి మంచం పక్క కుర్చీలో కూలబడింది. అక్క మొహం చూసింది. దుప్పటి కింద ఎముకల గూడులా ఉన్న కాళ్ల వేపు చూసింది. ఇవాళ 'రేపు' అనడానికి నోరు రాలేదు. దుప్పటి తొలగించి, అక్క పాదాలు రెండూ తన ఒళ్లో పెట్టుకుని, మడమ పట్టుకుని వేళ్లు మెల్లగా వెనక్కి వంచడం మొదలుపెట్టింది.

"ఇప్పుడెందుకే? ముందు కాస్త మంచినీళ్లు తాగు. మొహం పీక్కుపోయింది."

"ఎల్లుండి చూపించాలక్కా."

"చూపిద్దాం. కుర్చీ అంటాడు. కూర్చుంటాను. కొట్లో నిలబడ్డన్నాళ్లూ ఎప్పుడు కూర్చుంటానా అనే కదా ఏడ్చింది."

చెల్లెలి చేతులు ఆగాయి. "ఊళ్లోవాళ్లందర్నీ నడిపిస్తున్నానే. నిన్ను నడిపించలేకపోయాను. నీకు బెంగ లేకపోతే లేదు. నాకుంది. నువ్వు ఆ కుర్చీలో కూర్చుంటే నేను రోజూ ఆ గదిలోకి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి?"

అక్క తన పాదాల వేపు చూసింది. తర్వాత చిన్నగా అంది. "నాకు భయంగా ఉందే. నేల చూస్తే భయం. నీతో చెప్పడానికి సిగ్గేసింది."

అడగాల్సినవి చాలా ఉన్నాయి. చెప్పాల్సినవీ ఉన్నాయి. భయపడేవాళ్లతో ఏం మాట్లాడాలో ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. అక్క కాళ్లు ఒళ్లో పెట్టుకునే, నోరు తెరిచి మాట వెతుక్కుంటూ, ఆ మాట దొరికేలోపే నిద్రలోకి జారిపోయింది.

అడుగుల చప్పుడుకి మెలకువ వచ్చింది. కిటికీలో ఇంకా కాస్త వెలుతురు ఉంది. ఒక అడుగు, ఒక ఈడ్పు. ఒక అడుగు, ఒక ఈడ్పు. సర్వరు నడక. నిద్రలో తనే నడుస్తున్నాననుకుంది. కాళ్లు చూసుకుంటే కుర్చీ కింద కదలకుండా ఉన్నాయి. ఒళ్లో అక్క పాదాలు లేవు.

వంటింటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. గోడ పట్టుకోలేదు, వాకర్ పట్టుకోలేదు. నిండా నీళ్లున్న గ్లాసు అరచేతిలో భుజం దాకా ఎత్తి పట్టుకుంది. నడుము ఒక పక్కకి ఒరిగి ఉంది. కళ్లు నేల మీద లేవు, గ్లాసు మీద ఉన్నాయి. లేచి పట్టుకోవాలని చెల్లెలి చేతులు లాగాయి. పట్టుకోకూడని క్షణం ఏదో ఆ చేతులకి బాగా తెలుసు కాబట్టి కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

అక్క గది దాటి వచ్చింది. చెల్లెలి ముందు ఆగి, కాస్త వంగి, గ్లాసు చేతికి అందించబోయి ఆగింది.

"తల దగ్గర ఖాళీ గ్లాసుంటే, నువ్వు లేస్తే నీళ్లు కావాలి కదా అని చేతిలోకి తీసుకున్నాను. అంతే. కాళ్లు కిందికి దిగిపోయాయి." అక్క గ్లాసు గట్టిగా పట్టుకుంది. "ఇది నీకిచ్చేస్తే ఎలాగే? ఇక్కడే ఉండిపోతానేమో."

చెల్లెలు చుట్టూ చూసి, కుర్చీ పక్కనున్న తన సంచి తీసి అక్క రెండో చేతిలో పెట్టింది. అప్పుడు గ్లాసు అందుకుని, ఆపకుండా మొత్తం తాగేసింది. తాగి, ఏడ్చింది. అక్క సంచి పట్టుకుని నిలబడే ఉంది.

పొద్దున్నే ఇద్దరికీ ఒకటే భయం. రాత్రి అక్క నిద్రపోయింది. ఇప్పుడు కాళ్ల మీద నీళ్లు పోసుకోవాలి. పరాయి నడక జారిపోతే? స్నానాలగది గుమ్మం బయట చెల్లెలు గోళ్లు కొరుక్కుంటూ నిలబడింది. లోపల నీళ్ల చప్పుడు ఆగింది. కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత తడి నేల మీద ఒక అడుగు, ఒక ఈడ్పు. ఖాళీ చెంబు చేతిలో పట్టుకుని అక్క బయటికొచ్చింది. ఆ నడక జారిపోలేదు. దాన్ని పొమ్మనడానికి ఆ కాళ్లలో ఇంకో నడకేదీ లేదు మరి.

ఎముకల డాక్టరు దగ్గరికి అక్క తన మందుల సంచి చేత్తో పట్టుకుని నడిచి వెళ్లింది. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని అటూ ఇటూ నడిపించి చూశాడు.

"బాగుంది, చాలా బాగుంది. ఆ కుంటు ఒకటి ఉండిపోయింది. ఏముంది, మీ చెల్లెలు గారి గదిలో కొన్నాళ్లు చేయిస్తే అదీ పోతుంది."

"దాని జోలికి రాకండి," అంది అక్క.

ఆ తర్వాత ఇంట్లో ఖాళీ చేతులతో అక్క తిరగడం ఎవరూ చూడలేదు. గిన్నో, మడతబెట్టిన చీరో, ఏమీ దొరక్కపోతే ఒక చెంచానో చేతిలో ఉండేది. వాకర్ మీద తువ్వాళ్లు తనే ఆరేసేది, తనే తీసేది. పైగా వెళ్లిన ప్రతి మనిషి దగ్గరా ఆగి, కాస్త వంగి, ఏం కావాలన్నట్టు చూసేది. పక్కింటావిడకి అది చాలా మర్యాదగా తోచింది.

ఆస్పత్రిలో పని మాత్రం తగ్గలేదు. సెలవు పెట్టిన ఫిజియోతెరపిస్టు వేరే ఊరికి బదిలీ చేయించుకున్నాడు. వానలు పట్టాయి, జారిపడ్డవాళ్లు బారులు తీరారు. ఒకరోజు సాయంత్రం చెల్లెలు గుర్తుంచుకుని, పీచు పట్టా మీద రెండు కాళ్లూ శుభ్రంగా రుద్దుకుని మరీ బయల్దేరింది. ఇంటి మెట్ల మీద సగంలో ఆగి, రెయిలింగు పట్టుకుని, మళ్లీ ఎక్కింది.

పైన తలుపు తీసే ఉంది. అక్క నీళ్ల గ్లాసుతో గుమ్మంలో నిలబడి తల వంచి వింటోంది.

"ఎవరిదే ఇవాళ? పోల్చుకోలేకపోయాను. రెండు కాళ్లూ ఈడుస్తోంది. ఎవరో బాగా పెద్దావిడదిలా ఉంది."

"ఎవరిదీ కాదక్కా," అంది చెల్లెలు. "కాళ్లు రుద్దుకునే వచ్చాను. నాదే."

అక్క గ్లాసు అందించింది. ఆమె తాగుతున్నంతసేపూ ఆ కాళ్ల వేపే చూసింది. తర్వాత ఖాళీ గ్లాసు తీసుకుని, ఒక అడుగు, ఒక ఈడ్పు వేస్తూ మంచం దాకా నడిచింది. గ్లాసు కింద పెట్టేసి కూర్చుని, తన ఒళ్లో చీర సర్దుకుంది.

"ఇలా రా పొట్టీ," అంది. "నీ కాళ్లిలా పెట్టు."