శాంతక్క చూసిన దీపం

ఎర్ర సిలిండర్‌ను కాస్త పక్కకు వంచి, అడుగు అంచుమీద తిప్పుకుంటూ బాలనర్సయ్య కాలేజీ వరండాలో వస్తున్నాడు. ఎడమచెయ్యి దాని మెడ మీద, కుడిచెయ్యి నడుం దగ్గర. నడవలేని ముసలమ్మను మెల్లగా నడిపించుకొస్తున్నట్టుంటుంది చూసేవాళ్ళకి. అతను పొట్టి మనిషి. వెడల్పాటి మెడ. ఏళ్ళ తరబడి బరువులెత్తి కుడి భుజం కిందికి జారిపోయింది. ఎప్పుడో సిలిండర్ కింద పడి నలిగిన బొటనవేలి గోరు నల్లగా, పెంకులా ఉండిపోయింది. హైడ్రోజన్ దగ్గర నిప్పు పనికిరాదని ఈ పనిలో చేరిన రోజే బీడీ మానేశాడు. ఇంటిదగ్గర తాగొచ్చు కదా అని ఎవరైనా అంటే, "అలవాటు పోయింది" అనేవాడు. అతనికి పోయిన అలవాట్లు చాలానే ఉన్నాయి.

తండ్రి పాలమూరు నుంచి రాళ్ళు మోయడానికొచ్చి, కడుతున్న మేడమీంచి పడి చనిపోయాడు. బాలనర్సయ్య నాగ్‌పాడాలో గ్యాస్ గోదాములో హమాలీగా పెరిగి, దాదర్ అవతలి ఈ కాలేజీలో పనికి కుదిరాడు. పెళ్ళాం కిష్టమ్మ కామాటిపుర ఒంటిగది ఖోలీలో ఒక్క వానాకాలం ఉంది. "ఈడ ఆకాశమే కనబడ్తలేదు" అని ఊరికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆమె జ్వరంతో పోయిన కబురు అందేసరికి అక్కడ మట్టి కూడా ఆరిపోయింది. పిల్లలు లేరు.

సిలిండర్‌ను ప్రయోగశాల గోడకు చేర్చి గొలుసు కట్టాడు. గది మధ్యలో ఇనప స్టాండు మీద టిఫిన్ డబ్బా అంత పెట్టె. దానికి ఒకవైపు నుంచి హైడ్రోజన్, మరోవైపు నుంచి ఆక్సిజన్ వెళతాయి. మంట ఉండదు, చప్పుడుండదు. పెట్టె నుంచి వచ్చిన తీగ చివర చిన్న బల్బు వెలుగుతుంది. సన్నటి గాజు గొట్టంలోంచి నీటిచుక్కలు గ్లాసులో పడతాయి. మొదటిసారి చూసినప్పుడు బాలనర్సయ్య వంగి, స్టాండు వెనక దొంగ తీగ ఏమైనా ఉందేమోనని వెతికాడు. ఆ ప్రయోగం చేసే శంకర్రావు సార్ నవ్వి, "మంట లేకుండా కాలడం నర్సయ్యా ఇది. పొగ లేదు, బూడిద లేదు. మిగిలేది నీళ్ళే" అన్నారు.

ఆ సాయంత్రమే కామాటిపురలో తుకారాం చాయ్ దుకాణం దగ్గర ఈ సంగతి చెప్పాడు. ఎన్నడూ నోరిప్పని మనిషి అంత ఉత్సాహంగా మాట్లాడటం అదే మొదలు. తుకారాం చాయ్ వడగడుతూ, "అరె సునో! మన నర్సయ్య బత్తి ముట్టిస్తె నీళ్ళు కారుతయంట!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. అప్పటినుంచి అతని పేరు పానీవాలా, నీళ్ళోడు. ఎదురుపడ్డ ప్రతివాడూ, "ఏం పానీవాలా, బత్తి ఉన్నదా?" అని అడిగేవాడు. బాలనర్సయ్య తలొంచుకుని పోయేవాడు. క్రమంగా ఆ దుకాణానికి వెళ్ళడం కూడా మానేశాడు.

నవ్వనిది పక్క ఖోలీ శాంతాబాయి ఒక్కతే. మొగుడు మిల్లులో పనిచేసేవాడు, చనిపోయాడు. మిల్లులు మూతబడ్డాక కొడుకు శివరాం భివండీలో మరమగ్గాల మీదికి వెళ్ళాడు. ఆమె కిరసనాయిలు స్టవ్ మీద జొన్నరొట్టెలు కాల్చి ఒంటరి మగవాళ్ళకు అమ్ముకుంటుంది. కిటికీ లేని ఖోలీ. ఆ పొగ లోపలే తిరిగి తిరిగి ఆమె ఛాతీలో ఇల్లు కట్టుకుంది. తెల్లారి స్టవ్ పంపు చప్పుడూ, ఆ వెంటనే ఆమె దగ్గూ గోడ ఇవతలికి వినబడితేనే బాలనర్సయ్యకు పొద్దు పొడిచినట్టు. రొట్టెలు అందిస్తూ ఆమె అడిగేది: "నిజంగనే పొగ రాదా తమ్మీ? ఇంత గూడ?"

"రాదక్కా."

"అబ్బ" అనేది, తీర్థం పుచ్చుకున్నట్టు.

ఇప్పుడు గొలుసు కట్టి లేచేసరికి, "నర్సయ్యా" అని పిలిచారు శంకర్రావు సార్. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. "ఇవాళ్టితో ఆఖరు. ఈ గది కంప్యూటర్లకిచ్చేశారు. రేపు ఇదంతా విప్పేస్తాం."

బాలనర్సయ్య గొలుసు మరోసారి బిగించాడు. తర్వాత, ఎన్నడూ ఏదీ అడగనివాడు అడిగాడు. "సార్, ఒక మనిషికి చూపియ్యాలె."

"ఎవరికి?"

"మా పక్క ఖోలీ అక్కకు."

సార్ అతని ముఖం చూశారు. "తీసుకురా. నేనుంటాను" అన్నారు.

అతను వచ్చి కాలేజీకి రమ్మనేసరికి శాంతాబాయి పిండి కలుపుతోంది. "గింత అర్జెంటా?"

"రేపటికి ఉండదక్కా. ఇయ్యాలనే."

పిండి మీద తడిగుడ్డ కప్పి, చేతులు కడుక్కుని, పెట్టెలోంచి ఆకుపచ్చ చీర తీసి కట్టుకుంది. మెట్లు దిగుతూ ఊపిరందక పదేపదే ఆగింది. ఆమె ఆగినప్పుడల్లా అతను కింది మెట్టు మీద నిలబడి ఎటో చూస్తూ ఉన్నాడు. బస్సు ఎక్కించే ధైర్యం లేక టాక్సీ పిలిచాడు. ఆమె రెండు చేతులతో కిటికీ అంచు పట్టుకుని, దారిపొడుగునా పెళ్ళికి పోతున్నదానిలా కూచుంది.

సార్ ఆమెకు కుర్చీ వేశారు. ఆమె కూచోలేదు. వాల్వు తిప్పారు. కాసేపటికి బల్బు ఎర్రబడి, పచ్చబడి, తెల్లగా వెలిగింది. శాంతాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, పొగ వస్తుందనే అలవాటుతో. రాలేదు. కొంగు తీసి, కూరకుండ వాసన చూసినట్టు పెట్టె మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చింది. దగ్గు రాలేదు. మళ్ళీ పీల్చింది.

"వాసనే లేదు!" అంది అతని వైపు తిరిగి. ఆ ముఖం బాలనర్సయ్య అంతకు ముందు చూడనిది.

గ్లాసులో చుక్కలు పడటం చూసి, "దీనిమీద రొట్టె కాలుతదా సారూ?" అని అడిగింది.

సార్ అబద్ధం చెప్పలేకపోయారు. "ఇప్పుడప్పుడే కాదమ్మా. ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది."

"అట్లనా" అంది. కొంచెం ఆలోచించి, "కానియ్యిండ్రి. ఎవరో ఒకరు కాల్చుకుంటరు గద" అంది.

తిరిగొచ్చేటప్పుడు ఆమే బస్సులో పోదామంది. డబ్బులు దండగట. సీటులో కుదురుగా కూచున్నాక అడిగింది. "తమ్మీ, ఆళ్ళు నిన్ను పానీవాలా అంటుంటె ఎందుకు ఊకుంటవు?"

"ఏమనాలె అక్కా? చూపియ్యనీకి నా చేతిల ఏమున్నది?"

"నేను లేనా? రేపు పొద్దుగాల నల్లా కాడ అందరు ఉంటరు. ఈ కండ్లతోని చూసిన, ఈ ముక్కుతోని పీల్చిన అని చెప్త. తుకారాం నోరు నేను మూపిస్త చూడు."

బాలనర్సయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. తన తరఫున మాట్లాడతానన్న మనిషి ఇంతకు ముందెవరైనా ఉన్నారేమోనని వెతుక్కున్నాడు. దొరకలేదు. ఏదో ఒకటి అనాలనిపించింది. దిగే చోటు వచ్చాక, "పదక్కా, జర పైలం" అన్నాడు. అంతే.

ఆ పూట రొట్టెలు ఆలస్యమయ్యాయి. అతనికి ఒకటి ఎక్కువే పెట్టింది. గోడ అవతల దగ్గు వినబడింది, తర్వాత సద్దుమణిగింది. ఇయ్యాల నిమ్మళంగా నిద్ర పట్టినట్టుంది అనుకుని అతనూ పడుకున్నాడు.

తెల్లారి మెలకువ వచ్చేసరికి కింద నల్లా దగ్గర ఆడవాళ్ళ గోల మొదలైంది. స్టవ్ పంపు చప్పుడు మాత్రం లేదు. నిన్నటి అలసట అనుకున్నాడు. ముఖం కడుక్కున్నాడు. ఎదురు ఖోలీ రత్నాబాయి తలుపు తట్టడం, పిలవడం, తోసుకుని లోపలికి వెళ్ళడం వినబడింది. ఆ తర్వాత ఏమీ వినబడలేదు. ఆ నిశ్శబ్దానికే అతను గడపలోకి వచ్చాడు.

శాంతాబాయి అతని గోడవైపు తిరిగి, చెయ్యి చెంప కింద పెట్టుకుని పడుకుని ఉంది. ఆకుపచ్చ చీర ఇంకా విప్పలేదు.

భివండీకి మనిషిని పంపారు. తుకారాం దుకాణం మూసి, పాడెకు వెదుళ్ళు తనే మోసుకొచ్చాడు. మెట్ల దగ్గర బాలనర్సయ్యను చూసి గొంతు తగ్గించి, "నర్సయ్యా, నిన్న అక్కను ఏడికో తీస్కపోయినవంట గద. ఏడికి?" అని అడిగాడు.

బాలనర్సయ్య నోరు తెరిచాడు. ఆ వేళకి కాలేజీలో స్టాండు విప్పుతూ ఉంటారు. బల్బు ఏ డ్రాయర్లోనో పడేస్తారు.

"గిట్లనే. జర గాలికి" అన్నాడు.

తుకారాం తలూపి, వెదురుబొంగులు భుజం మార్చుకుని పైకి వెళ్ళాడు. బాలనర్సయ్య అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. కింద నల్లా సన్నబడి, రెండుసార్లు గాలి కక్కి ఆగిపోయింది. ఆడవాళ్ళు నిండిన బకెట్లు ఎత్తుకుని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. తడి బండల మీద, రాత్రే వరసలో తన వంతుకని శాంతాబాయి పెట్టి వెళ్ళిన ఇత్తడి బిందె ఒక్కటే మిగిలింది, మూతి పైకి తెరుచుకుని.