నవ్వు మొహాల పంపకం

అవార్డుల పండగకి మొహాలు పొద్దున్నే వస్తాయి. మనుషులు సాయంత్రం వస్తారు. ఏడుపులూ ఆశ్చర్యాలూ ముందే కెమెరాలో పట్టుకుని, తర్వాత ఎక్కడ కావాలంటే అక్కడ అతికించుకోవడం ఇక్కడి ఆనవాయితీ.

జూనియర్ ఆర్టిస్టు నూకరత్నం తన ఏడుపు మొహాన్ని ఊడదీసి ఫ్లోర్ మేనేజర్ దివాకర్ చేతికిస్తుంది. ఆ ఏడుపు తెచ్చిపెట్టుకున్నది కాదు. ఆమె తమ్ముడు అప్పన్న ఫైటరు. హీరోకి డూపుగా కోట బురుజు మీంచి దూకితే తాడు తెగి ప్రాణం పోగొట్టుకున్నాడు. సినిమాలో వాడి పేరు వెయ్యలేదు. పోయినవాళ్లకి నివాళి ఇచ్చేటప్పుడైనా వేదిక మీద చదివిస్తానని దివాకర్ మాటిచ్చాడు. ఆమె వచ్చింది అందుకే.

సాయంత్రం గేటు దగ్గర అందరికీ నవ్వు మొహాలు పంచుతారు. మంత్రికీ అదే, మేకప్ మనిషికీ అదే. నూకరత్నానికి వచ్చింది కాస్త బిగుతు.

"ఈ సాయంత్రం నుంచి దేశం సంతోషంగా ఉంది!" అని యాంకర్ ప్రకటిస్తుంది. పోయినేడు దేశం దుఃఖంలో ఉందన్నారు. అప్పుడు అందరూ తెల్లబట్టల్లో వచ్చి, కాసేపు ఏడ్చి, బిర్యానీ తిని వెళ్లారు. దేశానికి ఎప్పుడు ఏ మూడ్ ఉండాలో ఇక్కడే తేలుస్తారు. దేశాన్ని అడిగే పాపాన పోరు.

నివాళి రాదు. నూకరత్నం లేచి వెళ్లి దివాకర్‌ని నిలదీస్తుంది.

"ఏటి బాబూ, మా అప్పన్న పేరు సదవలేదేటి?"

"నివాళి తీసేశారు రత్నమ్మా. దేశం సంతోషంగా ఉన్నప్పుడు ఎవరూ చచ్చిపోరు."

"మరి మా ఇంటికాడ దింపిన శవం ఎవులిది?"

"అది పాత మూడ్‌లో పోయిన శవం. ఇప్పుడు చెల్లదు."

ఆమె తిట్లు లంకించుకుంటుంది. మీ నోట మన్ను పడ, మీ పండగ మండిపోను! కానీ మొహం నవ్వు మొహం. తిట్లన్నీ ఇకిలింపులుగానే బయటికొస్తాయి. ఎంత కళగల మనిషో అని ముందు వరసవాళ్లు మెచ్చుకుంటారు.

ఉత్తమ హీరో అవార్డు మొదలవుతుంది. అది బురుజు మీంచి తనే దూకానని చెప్పుకున్న హీరోకే. తెర మీద బురుజు మీంచి పడుతున్నది అప్పన్నే. నేల తగిలే ముక్క కత్తిరించేశారు కాబట్టి పడుతూనే ఉంటాడు. పక్కనే నూకరత్నం పొద్దున ఇచ్చిన మొహం, తెరంత వెడల్పున. కింద 'గర్వంతో చెమర్చిన కళ్లు' అని అక్షరాలు. ఊరూరా టీకొట్ల టీవీల ముందు జనం ఆ మొహం చూసి గర్వంతో కళ్లు తుడుచుకుంటారు.

తమ్ముడి కోసం ఏడ్చిన ఏడుపుని వాణ్ని మింగినవాడికే హారతిగా పడతారా? నవ్వు మొహాన్ని గోళ్లతో పీకి నేలకేసి కొట్టి వేదిక వైపు నడుస్తుంది. నడిచేకొద్దీ ఎర్ర తివాచీ సాగుతుంది, వేదిక వెనక్కి జరుగుతుంది. అయినా ఆమె ఆగదు. వేదికే విసిగి ఆగిపోతుంది.

ఆమె నోరిప్పుడు తెర మీద ఉంది. అందుకని మాట అక్కణ్నుంచే వస్తుంది.

"అప్పన్నా!"

అప్పుడే అవార్డుగా హీరో చేతికొచ్చిన బంగారు బొమ్మ బరువెక్కుతుంది. మనిషంత పొడుగు సాగుతుంది. మెడ ఒక పక్కకి వాలిపోతుంది.

"ఎవరైనా కాస్త పట్టుకోండి," అంటాడు హీరో నవ్వుతూనే.

"నువ్వే దూకినావన్నావు కదా నాయినా," అంటుంది తెర. "నువ్వే మొయ్యి."

భుజం పట్టడానికి ఎవరూ రారు. హీరో ఒక్కడే మోసుకుంటూ బయటికి నడుస్తాడు. వెనక కుర్చీలు వరసలు వరసలుగా లేచి కదులుతాయి. వాటిలో మంత్రులూ నిర్మాతలూ నవ్వుతూ చప్పట్లు కొడుతుంటారు. వినబడేది మాత్రం చావు డప్పు.

అందరికంటే ముందు మొహం లేని నూకరత్నం ఒళ్లోంచి పేలాలు తీసి చల్లుకుంటూ నడుస్తుంది. నేల మీద పడిన ప్రతి పేలమూ నోరు తెరిచి ఏ సినిమాలోనూ వెయ్యని ఒక పేరు చెబుతుంది. ఒక్కోటీ ఒక్కో పేరు. ఆమె ఒడి ఇంకా నిండుగానే ఉంది.